ఓటును తేల్చేది ఆర్థిక వర్గమా, మతమా?

పాతపాఠకుడు:
మనిషి ఏ పని చేసి బతుకుతున్నాడన్నదే అతని ఓటును నిర్ణయిస్తుందని నా వాదన. 1960లలో బ్రిటన్‌లో శారీరక శ్రమ చేసే కార్మికులలో సుమారు మూడింట రెండు వంతుల మంది కార్మికుల పక్షమైన లేబర్ పార్టీకే ఓటు వేసేవారు. మతం వల్ల వచ్చినట్టు కనబడే తేడాలు చాలావరకు ఆదాయానివీ, వయసువీ. చర్చికి తరచుగా వెళ్లేవారిలో వృద్ధులు ఎక్కువ, వృద్ధులు మితవాద (రైటిస్టు) పక్షాల వైపు మొగ్గడం చాలా దేశాలలో ఉన్నదే. కాదనేవారు ఆధారం చూపాలి.

మల్లెపందిరి:
మీ లెక్కలోనే మిగిలిన మూడో వంతు కార్మికుల సంగతేమిటండీ? వారిలో అత్యధికులు మితవాద కన్సర్వేటివ్ పార్టీ వైపు నిలవకపోతే, సంపన్నులు కొద్దిమందే ఉన్న దేశంలో ఆ పార్టీ అన్నిసార్లు అధికారంలోకి ఎలా వచ్చేది? ఇక మతం విషయానికొస్తే, 2016లో అమెరికాలోని శ్వేతజాతి ఇవాంజెలికల్ (బైబిలే పరమ ప్రమాణమనే ప్రొటెస్టెంటు) క్రైస్తవులలో దాదాపు 80 శాతం మంది డొనాల్డ్ ట్రంప్‌కు ఓటు వేశారని ఎగ్జిట్ పోల్స్ తేల్చాయి. వారిలో కూలీలూ ఉన్నారు, యజమానులూ ఉన్నారు. దీన్ని వయసు ఖాతాలో వేసేయలేం.

గట్టుమీద:
అదే ఎన్నికలో, అదే బైబిలు చదివే నల్లజాతి ప్రొటెస్టెంట్లు అత్యధికంగా హిల్లరీ క్లింటన్‌కు ఓటు వేశారన్న సంగతి మల్లెపందిరి గారు వదిలేశారు. నా దృష్టిలో విశ్వాసం గానీ, జీతం గానీ తనంతట తాను ఓటుగా మారదు; మధ్యలో ఒక సంస్థ ఉండి మార్చాలి. నెదర్లాండ్స్‌లో 1954లో క్యాథలిక్ బిషప్పులు ఒక లేఖ వెలువరించి, సోషలిస్టు కార్మిక సంఘంలో చేరకూడదనీ, సోషలిస్టు రేడియో ప్రసారాలను అలవాటుగా వినకూడదనీ, ధిక్కరిస్తే చర్చి సంస్కారాలు (ప్రభు భోజనం వంటి పవిత్ర కర్మలు) దక్కవనీ తమ విశ్వాసులను హెచ్చరించారు. (రేడియో వినడం కూడా పాపమే అయింది!) ఆ కాలపు క్యాథలిక్ కార్మికుడి పిల్లలు చదివే బడి, అతను చేరే సంఘం, ఇంటికొచ్చే పత్రిక, అన్నీ క్యాథలిక్కులవే. 1963లో క్యాథలిక్ పార్టీకి 150 స్థానాలలో 50 వచ్చాయి. 1965లో ఆ నిషేధాలు ఎత్తివేశారు, 1972 నాటికి పార్టీ 27 స్థానాలకు పడిపోయింది. ఆ తొమ్మిదేళ్లలో క్యాథలిక్కుల సంఖ్య సగానికి తగ్గిపోలేదు కదా.

పాతపాఠకుడు:
గట్టుమీద గారూ, అదే కాలంలో అక్కడ జీతాలు, చదువులు పెరిగాయి, ఇంటింటికీ టెలివిజన్ వచ్చింది. చర్చి పట్టు సడలడానికి అవే కారణమైతే, మీరు చుట్టూ తిరిగి నా వాదన దగ్గరికే వచ్చారు.

గట్టుమీద:
పట్టు ఎందుకు సడలిందో మీ వాదన చెబుతుంది, ఒప్పుకుంటాను. సడలిన ఓటు ఎటు పోయిందో మాత్రం చెప్పదు. క్యాథలిక్ పార్టీ నుంచి 1968లో చీలిన కొందరు దానికంటే వామపక్షంగా ఉండే రాడికల్ పార్టీ పెట్టి, 1972లో 7 స్థానాలు గెలిచారు. అదే ఎన్నికలో మితవాద లిబరల్ పార్టీ కూడా 16 నుంచి 22 స్థానాలకు పెరిగింది. పెరిగిన జీతం ఒక్కటే ఓటును నడిపి ఉంటే, ఈ రెండు పార్టీలూ ఒకేసారి ఎలా బలపడ్డాయో మీరే వివరించాలి.