బొమ్మ మీది పాత రంగు తీస్తుంటే ఎర్రగా కారుతోంది, ఆగట్లేదు. ఎవరైనా చెప్పండి

చామరాజపేట కోడలు (రాత్రి 11:52)
మధ్యాహ్నం మూడింటికి కూర్చున్నాను, పన్నెండు కావస్తోంది. చేతులు, నైటీ, వంటింటి గట్టు అన్నీ ఎర్రగా అయిపోయాయి. బొమ్మల కొలువులో పెట్టే రాజు, రాణి జత. మీద రంగు పెచ్చులు లేస్తోంది, అదంతా తీసేసి అసలు రూపానికి తెద్దామని మొదలుపెట్టాను. రాణి ముఖం సగం వచ్చింది. కింద ఇంకో ఎర్రపూత ఉన్నట్టుంది, ఎంత తుడిచినా దూదికి ఎరుపు వస్తూనే ఉంది. ఒక దూది చుట్ట మొత్తం అయిపోయింది. ఈ రెండో పూత పోవాలంటే ఏం వాడాలి? గాంధీబజారులో రంగుల కొట్టాయన ఇంకా ఘాటైనది ఇస్తానన్నాడు. పొద్దున్నే వెళ్ళి తెచ్చుకోనా? నవరాత్రి పాడ్యమికి పదకొండు రోజులే ఉంది.

చెక్కపని (12:04)
దేనితో చేసిన బొమ్మ? దేంతో తుడుస్తున్నారు? ఫోటో పెట్టండి.

తొమ్మిది మెట్లు (12:10)
రాజు, రాణి అంటే మరపాచి చెక్కబొమ్మల జతేనా అమ్మా? బెంగళూరులో కన్నడం వాళ్ళు పట్టద బొంబె అంటారు. పై మెట్టు మీద కలశం పక్కన ముందుగా నిలబెట్టేది వాటినే. మట్టి దశావతారాలు, చన్నపట్నం చెక్కబొమ్మలు ఆ తర్వాతే. మరపాచికి ముఖం మీద రంగు వెయ్యరు. ఏటా కొత్త చీర, పంచె కట్టి, పూసలదండ వేసి పెడతారు. మరి మీ వాటికి రంగెలా వచ్చింది? కాగితపు గుజ్జు బొమ్మలేమో ఒకసారి చూడండి.

రంగులపుల్ల (12:21)
చెన్నై నుంచి. నేను ఫ్యాక్టరీ బొమ్మలకి ముఖాలు మళ్ళీ వేస్తుంటాను కాబట్టి ఒక మాట. రంగు తీయడం ఎలా అన్నది తర్వాత, తియ్యొచ్చా అన్నది ముందు. ఈ ప్రశ్న మా లోకంలో రోజూ నలుగుతుంది. బ్లైత్ అని పెద్ద తల బొమ్మ ఉంది, వెనకున్న తాడు లాగితే కళ్ళ రంగు మారుతుంది. అమెరికాలో కెన్నర్ కంపెనీ 1972లో ఒక్క ఏడాదే అమ్మింది. 2001లో జపాన్ టకారా వాళ్ళు మళ్ళీ తెచ్చారు. టకారా బ్లైత్‌ని కొని ముక్కు చెక్కండి, పెదవి చెక్కండి, నేనూ చెక్కాను. 1972 బొమ్మ మీద మాత్రం నేను కత్తి పెట్టను. ఉన్నవాటిలో ఒకటి తగ్గితే మళ్ళీ పుట్టదు. టాస్మేనియాలో ఒకావిడ పారేసిన ఫ్యాషన్ బొమ్మల మేకప్ తుడిచి మామూలు పిల్లల ముఖాలు వేస్తారు, 2015లో ప్రపంచమంతా మెచ్చుకుంది. ఆవిడ తీసుకునేది సెకండ్‌హ్యాండ్ కొట్లో పడున్నవి. చెత్తలోకి పోయేదాన్ని మార్చడానికీ, ఇంట్లో దాచుకున్నదాన్ని మార్చడానికీ చాలా తేడా ఉంది. మీది ఏది?

చామరాజపేట కోడలు (12:30)
చెత్తలోది కాదండీ. మా అమ్మమ్మ పెళ్ళిలో పెట్టినవి, 1951లో తిరుపతిలో కొన్నారు. చెక్కే. బాగా బరువు. మొదట నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిచాను, అది అయిపోతే సర్జికల్ స్పిరిట్. ఫోటో పెట్టాను, చూడండి. నైతికం సంగతి పొద్దున మాట్లాడుకుందాం, ముందు ఈ ఎరుపు ఎలా ఆపాలో చెప్పండి.

చెక్కపని (12:33)
స్పిరిట్ ఆపండి. ఇప్పుడే.
అది పూత కాదు. ఎర్రచందనం. మీరు తుడుస్తున్నది చెక్కనే.

చెక్కపని (12:41)
తడి లేని పాత నూలుగుడ్డతో అద్దండి, రుద్దకండి. పీట మీద నీడలో నిలబెట్టండి. రెండు రోజులు ముట్టుకోవద్దు. హెయిర్ డ్రయ్యర్ వద్దు, ఎండ వద్దు. తెల్ల గుడ్డలో చుట్టకండి, అంటుకుంటుంది. రంగుల కొట్టుకి వెళ్ళొద్దు.

తొమ్మిది మెట్లు (12:44)
అయ్యో. నేను అడిగింది అదేనమ్మా, మరపాచేనా అని. మరపాచి అంటే ఎర్రచందనం బొమ్మే కదా. మా ఇంట్లో ఏటా కొబ్బరినూనె చుక్క గుడ్డకి అంటించి తుడుస్తాం, నిగనిగలాడతాయి. రేపు అది చెయ్యి.

చెక్కపని (12:46)
ఇప్పుడు నూనె వద్దు. మిగిలిన రంగు అంచుల కిందకి దిగుతుంది.

మల్లేశ్వరం మాస్టారు (ఉదయం 5:40)
ఇప్పుడే చూశాను. ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి, కారణం చెబుతాను. ఎర్రచందనంలో ఎరుపునిచ్చే పదార్థం పేరు శాంటాలిన్. చన్నీళ్ళలో దాదాపు కరగదు. ఆల్కహాలులో ఇట్టే కరుగుతుంది. సర్జికల్ స్పిరిట్ అంటే ఆల్కహాలే. బట్టల అద్దకానికి ఈ రంగు లాగడానికి ఏం వాడతారో మీరు రాత్రంతా అదే పోశారు. చెక్క ఉన్నంతవరకూ వస్తూనే ఉంటుంది. పోయింది పైపై పొరేనమ్మా, లోపల అంతా అదే చెక్క. బొమ్మ ఎక్కడికీ పోలేదు.
కానీ నన్ను భయపెడుతున్నది వేరే. మీద ఉన్న ఆ పాత రంగు ఎప్పటిది? మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిళ్ళలో సీసం బాగా ఉండేది. దాన్ని గరుకు కాగితంతో రుద్దితే పొడి గాల్లోకి లేస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారా? వంటింటి గట్టు మీద చేశానన్నారు! ఆ గట్టు సబ్బునీళ్ళతో రెండుసార్లు కడగండి, దూదంతా సంచిలో కట్టి పారేయండి. ఎర్రచందనం బొమ్మని సాన మీద అరగదీసి ఆ గంధం పసిపిల్లల ఒంటికి పూసే అలవాటు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది. రంగేసిన బొమ్మతో ఆ పని ఎవరూ చెయ్యకండి. దీని గురించి ఎవరూ మాట్లాడరు, గణపతి విగ్రహాల రంగుల గురించే మాట్లాడతారు.

గోదారి పిల్ల (7:15)
కోడలు గారూ, పాడ్యమి అన్నారు, నవరాత్రికే కొలువా? మా రాజమండ్రి వైపు సంక్రాంతికే పెడతాం. దసరాకి పెట్టడం మైసూరు, తమిళనాడు అలవాటు కదా.

తొమ్మిది మెట్లు (7:32)
మా చిత్తూరు జిల్లాలో తరతరాలుగా దసరాకే. దీన్ని అరువు తెచ్చుకున్న అలవాటని చెప్పకమ్మా.

గోదారి పిల్ల (7:40)
అరువని ఎక్కడన్నానండీ. మా వైపు సంక్రాంతికి, భోగిపళ్ళ పేరంటంతో కలిపి అంటున్నా.

చామరాజపేట కోడలు (8:05)
మాస్టారూ, చెక్కపని గారూ, మీకు దణ్ణం. గట్టు కడిగాను. పిల్లలు పెద్దవాళ్ళే. రాత్రి ఆ ఎరుపు చూస్తుంటే అమ్మమ్మ బొమ్మకి దెబ్బ తగిలించినట్టే అనిపించి నిద్ర పట్టలేదు. ఇప్పుడు రాణి ఎడమ బుగ్గ చెక్క రంగు, కుడి బుగ్గ పసుపు ఎనామిల్, కన్ను ఒకటే. రాజు అలాగే ఉన్నాడు. రాణి మిగతా సగం ఎలా తీయాలి? తీశాక కళ్ళు నేనే సన్నటి బ్రష్‌తో దిద్దుతాను. అక్క కూతురి పెళ్ళి మార్గశిరంలో, న్యూజెర్సీలో. దానికి ఇవ్వడానికే ఇదంతా. పాత రంగుతో ఇస్తే నాసిగా ఉంటాయి.

మల్లేశ్వరం మాస్టారు (8:20)
న్యూజెర్సీ అని ఇప్పుడు చెబుతున్నారా! అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్, దాని రెండో అనుబంధంలో ఎర్రచందనం 1995 నుంచీ ఉంది. శేషాచలం, నల్లమల, పాలకొండల లాంటి తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ఈ చెట్టు ప్రపంచంలో ఇంకెక్కడా దానంతటది పెరగదు. మన ప్రభుత్వం ఎగుమతిని కట్టడి చేసింది. చేతిసంచిలో పెట్టుకుని విమానం ఎక్కేముందు అటవీశాఖని, కస్టమ్స్‌ని అడిగి, కాగితం చేతిలో పెట్టుకోండి. పెళ్ళికి వెళుతూ విమానాశ్రయంలో అమ్మమ్మ బొమ్మల్ని వదిలేసి ఏడ్చే పరిస్థితి రాకూడదు.

రంగులపుల్ల (9:02)
అక్కా, రాత్రి మీరు తోసేసిన ప్రశ్న మళ్ళీ అడుగుతున్నా, కోపగించుకోకండి. ఆ ఎనామిల్ ఎవరు వేశారు?

చామరాజపేట కోడలు (9:10)
మా పిన్ని. 1979లో, తనకి పదిహేనేళ్ళప్పుడు. మిగతా మట్టిబొమ్మలన్నీ రంగురంగులుగా ఉంటే ఇవి నల్లగా మొద్దుల్లా ఉన్నాయని వేసిందట. అమ్మమ్మ ఏమీ అనలేదట. అది అసలుది కాదు కదా, తర్వాత ఎవరో పూసింది. తీసేస్తే తప్పేముంది?

చెక్కపని (9:14)
ఎవరో కాదు. మీ పిన్ని.

రంగులపుల్ల (9:25)
నేను చెప్పాలనుకున్నదీ అదే. "అసలు రూపం" అన్న మాటతోనే నాకు పేచీ. 1951లో తిరుపతి కొట్లో ఉన్నది ఒక రూపం. 1979 నుంచీ కొలువులో మీరంతా చూసింది ఇంకో రూపం, దానికి నలభై ఏళ్ళు దాటాయి. మొదటిదాని వయసు ఇరవై ఎనిమిదేళ్ళే. మీ అక్క కూతురు చిన్నప్పుడు చూసిన రాణి ఏది? ఆ పసుపు ముఖం రాణే కదా.
నేను ముఖాలు చెరిపి బతికేదాన్ని, చెరపొద్దని ఎవరికీ చెప్పను. నేను చెరిపేది మాత్రం యంత్రం అచ్చుకొట్టిన ముఖం. అలాంటివి లక్ష ఉంటాయి. ఇది ఒక పదిహేనేళ్ళ పిల్ల కూర్చుని వేసినది. అలాంటిది ప్రపంచంలో ఇదొక్కటే. అమ్మేటప్పుడు నేను బొమ్మ మెడ లోపల నా గుర్తు, సంవత్సరం రాస్తాను, కొనేవాళ్ళకి ముఖం నాదని చెబుతాను. మీ పిన్నికి అలా రాసుకోవాలని తెలియదు, అంతే.

తొమ్మిది మెట్లు (9:48)
నేను ఒప్పుకోను. మరపాచికి రంగు వెయ్యడమే పొరపాటు, ఆ పొరపాటు దిద్దడం తప్పెలా అవుతుంది? ఈ బొమ్మలకి మార్పు అంటే బట్టలు. మా అమ్మ నా పెళ్ళిచీర కొంగు ముక్కతో రాణికి కట్టింది, మా కోడలు ఈ ఏడు జరీ అంచుతో కుట్టింది. ఏటా మారుతూనే ఉంటాయి, ఎవరినీ చెరపకుండా. కట్టినది విప్పొచ్చు, పూసినది విప్పలేం. అందుకే పెద్దవాళ్ళు పూయలేదు.

రంగులపుల్ల (9:55)
అమ్మా, మీరు ఇప్పుడన్న మాటే పాత వస్తువులు బాగుచేసేవాళ్ళ మొదటి సూత్రం. వెనక్కి తీసుకోగలిగిన పనే చెయ్యాలి. పూయడం వెనక్కి తీసుకోలేనిదైతే చెరపడమూ అంతే కదా.

తొమ్మిది మెట్లు (10:03)
దిద్దడం వేరు, చెరపడం వేరు.

రంగులపుల్ల (10:05)
దాన్ని దిద్దడం అనడమే నాకు కుదరట్లేదమ్మా. దిద్దాలంటే తప్పు ఏదో ముందు తేలాలి.

మల్లేశ్వరం మాస్టారు (10:12)
పునరుద్ధరణ, సంరక్షణ, అలంకరణ మూడూ వేరు. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం సంరక్షణ. పోయినదాన్ని తిరిగి తేవడం పునరుద్ధరణ. పిన్నిగారు చేసింది అలంకరణ. మీరు ముగ్గురూ మూడింటి గురించీ ఒకే మాటతో కొట్టుకుంటున్నారు.

చెక్కపని (10:30)
పని సంగతి. మరపాచి ముఖం లోతుగా చెక్కరు. ముక్కు గీత, కళ్ళ దగ్గర చిన్న గాటు, అంతే. ఆ రంగు తీస్తే రాణికి కళ్ళుండవు. మీరు దిద్దితే అవి మీ కళ్ళు. అది ఆలోచించుకోండి.
రాజుని కదపొద్దు. రాణి కుడి బుగ్గ కూడా. పెచ్చులు ఊడిపోయేలా ఉంటే చెప్పండి, అంచులు అతికించే దారి ఉంది. తీసి తీరాలనుకుంటే ద్రావకం లేకుండా, వెదురుపుల్ల మొన, భూతద్దం, మాస్కు. రోజుకి గోరంత. ఏదైనా సరే ముందు పాదం అడుగున పరీక్ష. నిన్న ఆ పని చేసుంటే మూడు నిమిషాల్లో తెలిసేది.
వార్నిష్ వెయ్యొద్దు. ఎవరు చెప్పినా.

గోదారి పిల్ల (10:44)
అసలు పిన్నిగారిని అడిగారా?

తొమ్మిది మెట్లు (10:51)
అవునమ్మా, ఆవిడ ఉన్నారా? ఉంటే ఇంత రాత్రి మమ్మల్ని అడిగే బదులు ఆవిడకి ఒక ఫోను చెయ్యాల్సింది. నేను ఇందాక గట్టిగా అన్నాను గానీ, మనిషి ఉండగా అడక్కుండా తుడవడం నాకూ నచ్చలేదు.

చామరాజపేట కోడలు (11:20)
ఉంది. తిరుపతిలోనే. అడగలేదు. బొమ్మలు నా వాటాకి వచ్చాయి కదా అని, అడగాలని తట్టలేదు.

మల్లేశ్వరం మాస్టారు (11:34)
వాటా బొమ్మకి వచ్చిందమ్మా. చేతిపనికి రాలేదు. ఇంకో విషయం, ఈ రోజుల్లో మరపాచి పేరుతో అమ్మేవాటిలో మామూలు చెక్కకి రంగు పూసినవి చాలా. నిజమైన ఎర్రచందనం నీళ్ళలో వేస్తే మునుగుతుంది. అలాగని మీ బొమ్మని బకెట్లో వేసి చూడకండి, ఇతరుల కోసం చెబుతున్నాను.

రంగులపుల్ల (11:41)
అక్కా, ఒక పని చెయ్యొచ్చు. ఇప్పుడున్నట్టే రెండింటికీ నాలుగు వైపులా ఫోటోలు తీయండి. ఏ రోజు, దేంతో, ఎంతవరకూ తుడిచారో కాగితం మీద రాసి బొమ్మల పెట్టెలో పెట్టండి. పిన్ని వేసిన సంవత్సరం కూడా. ఈ జత ఎవరికి వెళ్ళినా ఆ కాగితం వెంట వెళ్ళాలి. దాచిపెట్టి కొత్తగా చేసి ఇవ్వడమే నా దృష్టిలో తప్పు.

గోదారి పిల్ల (మధ్యాహ్నం 1:15)
కాగితం ఆలోచన చాలా బావుంది. మా కొండపల్లి అంబారీ ఏనుగుకి తొండం విరిగితే నాన్న చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపి అతికించారు. ఎప్పుడన్నది ఎవరికీ గుర్తులేదు, ఇవాళే అడిగి రాస్తాను.

చామరాజపేట కోడలు (రాత్రి 9:47)
పిన్నితో మాట్లాడాను. ఫోటో పంపితే చాలాసేపు ఏమీ రాయలేదు. తర్వాత తనే ఫోన్ చేసి, ఆ పసుపు రంగు తాతయ్య సైకిల్‌కి వెయ్యగా డబ్బాలో మిగిలిందని చెప్పింది. నాకు తెలియదు. రాజుని ముట్టుకోవట్లేదు. న్యూజెర్సీ సంగతి అక్కతో మాట్లాడాలి. అందరికీ థాంక్సండీ.

చెక్కపని (9:58)
రాణి ఆరిందా? గుడ్డకి ఇంకా ఎరుపు అంటుతోందా?

తొమ్మిది మెట్లు (10:20)
రాణి ముఖం సంగతి పిన్ని ఏమన్నారో చెప్పలేదు. సగం ముఖంతో పై మెట్టు మీద పెడతావా అమ్మా? పెట్టినా తప్పేం లేదు. చీర కొంగు తల మీదుగా ఎడమ వైపుకి తిప్పి కడితే సరిపోతుంది, కావాలంటే మా ఇంట్లో కొలతకి కుట్టినది ఒకటి ఉంది.

గోదారి పిల్ల (మర్నాడు 6:50)
మల్లేశ్వరంలో ఏటికొప్పాక లక్కబొమ్మలు ఎక్కడైనా దొరుకుతాయా? సంక్రాంతికి కావాలి.