నీటిలోకి దిగే ముందు అరగంట గాలిని చూడడం అవసరమా, చాదస్తమా?

తెరచాప:
ఒడ్డున కనీసం అరగంట గాలిని గమనించిన తరువాతే ఎవరైనా కైట్‌లో గాలి నింపాలని మా కైట్‌సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుండగా బోర్డు మీద నిలబడి నీటిపై జారే ఆట) బృందంలో నేను ఒక నియమం ప్రతిపాదించాను. సగం మంది దాన్ని చాదస్తమని కొట్టిపారేశారు. గంటగంటకూ అంచనా ఫోన్‌లోనే కనిపిస్తుంటే ఇంకా ఈ కాపలా ఎందుకన్నది వారి ప్రశ్న. అంచనాను నేనూ చూస్తాను, కానీ అది చెప్పేది విశాలమైన ప్రాంతానికి, 10 మీటర్ల ఎత్తున వీచే గాలికి వేసిన లెక్క మాత్రమే. మన కైట్ మాత్రం 20 మీటర్లు దాటిన తాళ్ల చివర, ఒడ్డునున్న చెట్లనో కట్టడాలనో దాటి చిక్కుపడి వచ్చే గాలిలో ఎగురుతుంది. మీ అభిప్రాయం తెలుపగలరు.

పడమటిగాలి:
నాకు ఈ నియమం నచ్చలేదు. యూరోపియన్ వాతావరణ అంచనా నమూనా దాదాపు 9 కిలోమీటర్ల గళ్లలోనూ, అమెరికావారి నమూనా జీఎఫ్ఎస్ దాదాపు 13 కిలోమీటర్ల గళ్లలోనూ లెక్క కడతాయి కాబట్టి ఒక చిన్న తీరంలో జరిగేది వాటికి అందదని ఒప్పుకుంటాను. అయితే రెండు మూడు నమూనాలను పోల్చి, దగ్గరలోని వాతావరణ కేంద్రం ఇచ్చే ప్రత్యక్ష కొలతలను కూడా కలిపి చూసేవాడికి, కంటితో చూసి ఊహించేవాడికన్నా ఎక్కువే తెలుస్తుంది. అంతకన్నా నన్ను ఇబ్బంది పెట్టేది మరొకటి ఉంది. ఆ అరగంటలో ఏమీ జరగకపోతే, తరువాత కూడా ఏమీ జరగదన్న ధీమా మనసులో నాటుకుపోతుంది. గడియారం చూసి పెట్టుకున్న నియమం గాలికేం తెలుసు?

ఒంటరిఅల:
ధీమా గురించి పడమటిగాలి గారు చెప్పినది నా విషయంలో అక్షరాలా జరిగింది, అయినా నేను తెరచాప గారి పక్షమే. ఒక మధ్యాహ్నం గాలి వేగం కొలిచే చేతి పరికరం 16 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) చూపిస్తుండగా 12 చదరపు మీటర్ల కైట్‌తో దిగాను. చాలా దూరాన, గాలి వచ్చే వైపే, అడుగున నల్లటి గీత గీసినట్లున్న మబ్బు ఒకటి ఉండడం చూశాను. చూసి కూడా దాని గురించి ఆలోచించలేదు. ముప్పావు గంట గడిచాక గాలి ఒక్కసారిగా పడిపోయింది, తాళ్లు వదులై కైట్ కిందికి జారసాగింది. గాలి అయిపోయిందనుకొని విసుక్కుంటూ, కైట్‌ను అదుపు చేసే కడ్డీ అయిన బార్‌ను లాగుతుండగా మెడ వెనుక చన్నీళ్లు చల్లినట్లు చల్లటి గాలి తగిలింది. ఆ తరువాత నిమిషమైనా గడవక ముందే బోర్డు నా కాళ్ల నుంచి ఊడిపోయింది. కైట్ లాగుడును ఒక్కసారిగా వదిలించే క్విక్ రిలీజ్ నొక్కాను కాబట్టి ఇది రాస్తున్నాను.

ఒడ్డున ఉన్నవారి పరికరం ఆ సమయంలో 28 నాట్లు చూపించిందట. గాలి లాగే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది కనుక 16 నుంచి 28కి వెళ్లడమంటే లాగుడు మూడు రెట్లు దాటడమే. ఉరుముల మబ్బు కింద కుంగిన చల్లని గాలి నేలను తాకి నలువైపులా పరుచుకుంటుంది, దాని అంచు వాన కన్నా ముందే మన దగ్గరికి వచ్చేస్తుంది. వాన మొదలయ్యాక బయటికి వద్దామనుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. నాకు లోపించినది అరగంట కాదు. చూసిన మబ్బుకు అర్థం చెప్పుకొనే ఓపిక లోపించింది.

తెరచాప:
ఒంటరిఅల గారి మాటతో నా ప్రతిపాదనను సవరించుకుంటున్నాను. నిమిషాలను లెక్కించడం కన్నా ఏం చూడాలో రాసుకోవడం మేలు. గాలి సగటు వేగం నాకు అంత ముఖ్యం కాదు. విసురుకీ విసురుకీ మధ్య గాలి ఎంతవరకు తగ్గుతోంది, ఆ అంతరం క్రమంగా పెరుగుతోందా అన్నవే ముఖ్యం. నిలకడైన 20 నాట్లలో హాయిగా ఆడుకునేవాడు, 12కూ 24కూ మధ్య ఊగిసలాడే గాలిలో ఇబ్బంది పడతాడు. కాగితం మీద ఈ రెండో గాలి సగటే తక్కువ. దీనికి పరికరం కూడా అక్కరలేదు. గాలి వచ్చే వైపు నీటి మీద నల్లటి మరకలు పాకుతూ వస్తుంటే అవి రాబోయే విసుర్లే. నురగ తలలు ఒక చోట దట్టంగా, పక్కనే అసలు లేకుండా ఉంటే గాలి ముక్కలుముక్కలుగా వస్తోందని అర్థం.

రెండోది దిశ. పగలు నేల వేడెక్కడం వల్ల పుట్టే సముద్రపు గాలి సాయంత్రానికి నీరసించి, రాత్రికి నేల మీది నుంచి సముద్రంలోకి మళ్లుతుంది. అందువల్ల ఆలస్యంగా దిగేవారు, గాలి పోతే తాము ఎటు కొట్టుకుపోతారో ముందే తేల్చుకోవాలి.

పడమటిగాలి:
ఈ రూపంలో అయితే నాకు అభ్యంతరం చాలావరకు తీరింది, ఒక్కటి తప్ప. మీరిద్దరూ చెప్పిన గుర్తుల్లో సగం నీటిలోకి దిగిన తరువాతే కనిపిస్తాయి. ఆ సమయంలో మన కళ్లు కైట్ మీదా, ఎదురుగా వచ్చే అలల మీదా ఉంటాయి, గాలి వచ్చే వైపు ఆకాశం వీపు వెనుక ఉంటుంది. ఒంటరిఅల గారికీ అదే జరిగింది. కాబట్టి దిగే ముందు చూసే అరగంటను సగానికి తగ్గించినా ఫరవాలేదు గానీ, అందరూ ఒకేసారి దిగకుండా ఒకరు వంతులవారీగా ఒడ్డున ఉండి ఆకాశం చూస్తూ, అవసరమైతే రెండు చేతులూ ఎత్తి ఊపి వెనక్కి రమ్మనాలని రాయండి. మొదటి వంతు నేనే ఉంటాను.

ఒంటరిఅల:
రెండో వంతు నాది.