హిప్‌హాప్ డీజేగా నిలదొక్కుకోవాలంటే ముందు దేని మీద కూర్చోవాలి?

తొంభైబీపీఎం:

అందరికీ నమస్కారం. రెండు ఛానళ్ల కంట్రోలర్ (డీజే సాఫ్ట్‌వేర్‌ని నడిపే పరికరం) మీద ఏడాదిన్నర నుంచి సాధన చేస్తున్నాను. హౌస్ శైలి డాన్స్ పాటలు నిమిషం పాటు కలిపి నడిపినా బీట్ జారదు. హిప్‌హాప్ దగ్గరికి వచ్చేసరికి అంతా తేడా కొడుతోంది. రెండు పాటల గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. 92 బీపీఎం (నిమిషానికి 92 బీట్లు) ఉన్న పాట నుంచి 140కి ఎలా వెళ్లాలో తెలియడం లేదు. సింక్ (రెండు పాటల బీట్లని తానే కలిపే బటన్) నొక్కితే పాత పాటల్లో మధ్యలో పక్కకి పోతోంది. స్క్రాచ్‌లో (రికార్డుని చేత్తో ముందుకీ వెనక్కీ కదిపి శబ్దం తీయడంలో) బేబీ, చర్ప్ అనే రకాలు వచ్చు. ట్రాన్స్‌ఫార్మ్ ఇంకా శుభ్రంగా రావడం లేదు.

దీన్నే వృత్తిగా చేసుకోవాలని ఉంది. ముందు దేని మీద కూర్చోవాలి? టర్న్‌టేబుళ్లు (రికార్డు తిప్పే యంత్రాలు) కొనక తప్పదా? డబ్బిచ్చి పిలిచే స్థాయికి రావాలంటే నా దగ్గర ఏమేం సిద్ధంగా ఉండాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రెండుకాపీలు:

హౌస్ అలవాటే మీకు అడ్డం పడుతోంది. ఆ పాటలకి ముందూ వెనకా బోలెడన్ని బార్ల (ఒక బార్ అంటే 4 బీట్లు) డ్రమ్స్ ఉంటాయి కాబట్టి నిమిషం కలిపినా ఏం కాదు. ర్యాప్ పాటకి ఇంట్రో చాలాసార్లు 4 బార్లే, వెంటనే వెర్స్ (చరణం) మొదలైపోతుంది. 90 బీపీఎంలో ఒక బార్ 2.67 సెకన్లు. అంటే నాలుగు బార్లకి మీ చేతిలో ఉన్నది 11 సెకన్ల లోపే. ఎంతసేపు కలిపామన్న లెక్క ఇక్కడ పనికిరాదు, ఏ బీట్ మీద కోశామన్నదే చూసుకోవాలి.

ఇలా చేసి చూడండి. ఆడుతున్న పాటలో హుక్ (పల్లవి) చివరి 4 బార్ల కింద కొత్త పాట ఇంట్రో మొదలుపెట్టండి. కొత్తదాని లో ఈక్యూ (బేస్ శబ్దాన్ని పెంచి తగ్గించే నాబ్) పూర్తిగా దించి ఉంచండి. నాలుగు బార్లూ నిండి ఒకటో బీట్ పడగానే కొత్తదాని లో తెరిచి, అదే బీట్ మీద పాతదాన్ని కోసేయండి. లో ఈక్యూ ఎందుకంటే 808కి (ర్యాప్ పాటల్లో వాడే లోతైన బేస్ డ్రమ్‌కి) దెబ్బతో పాటు స్వరం కూడా ఉంటుంది. రెండు పాటల 808లు వేర్వేరు శ్రుతుల్లో ఒకేసారి మోగితే హెడ్‌ఫోన్‌లో పెద్దగా తెలియదు గానీ సబ్‌వూఫర్ల దగ్గర బురద బురదగా వినిపిస్తుంది.

92 నుంచి 140 అన్నారు. ముందు 140ని 70గా లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి, ట్రాప్ శైలి ర్యాప్ పాటల్లో తల ఊగేది ఆ 70కే. అయినా 92కీ 70కీ మధ్య తేడా 24 శాతం, పిచ్ (పాట వేగాన్ని మార్చే మీట) లాగి కలిపేది కాదది. అక్కడ కలపకూడదు, తెంపాలి. హుక్‌లో చివరి మాట మీద ఎకో వేయండి, ముప్పావు బీట్ బాగుంటుంది. ఛానల్ ఫేడర్ (ఆ పాట శబ్దాన్ని పెంచి తగ్గించే మీట) మూసేయండి. ఎకో చల్లారుతుండగా కొత్త పాటని దాని సొంత వేగంలోనే ఒకటో బీట్ నుంచి వదలండి. చిన్న జాగ్రత్త: ఎకో ఫేడర్ తర్వాత పనిచేసేలా ఉండాలి. ఫేడర్‌కి ముందు ఉంటే మూయగానే ఎకో కూడా తెగిపోతుంది, మధ్యలో గుంట పడినట్టు ఉంటుంది. దగ్గర వేగాలైతే పిచ్‌తో లాగవచ్చు, 90 నుంచి 94 అంటే 4.4 శాతమే. కీలాక్ (వేగం మారినా శ్రుతి మారకుండా ఆపే సౌకర్యం) లేకుండా 6 శాతం దాటారంటే దాదాపు అర స్వరం మారిపోతుంది, తెలిసిన గొంతైతే వినేవాళ్లు వెంటనే పట్టేస్తారు. కీలాక్ వేసి మరీ దూరం లాగితే స్నేర్ దెబ్బలు నలిగినట్టు వస్తాయి.

సింక్ పక్కకి పోయేది గ్రిడ్ (బీట్లు ఎక్కడ పడతాయో సాఫ్ట్‌వేర్ గీసుకునే గీతలు) వల్ల. మనిషి వాయించిన డ్రమ్స్ మీద కట్టిన పాత పాటల్లో వేగం అటూ ఇటూ అవుతుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒకే గీత గీస్తుంది. 16 బార్లకి ఒకసారి గ్రిడ్‌ని చేత్తో సరిచేయండి, లేదా ఆ పాటలకి సింక్ తీసేసి చెవితోనే నడపండి. 85ని 170గా, 70ని 140గా చూపించడం కూడా మామూలే, ట్యాగ్‌లోనే సరిదిద్దుకోండి.

ఒక్క సాధన మాత్రం వదలకండి: ఒకే పాట రెండు డెక్కుల్లో. 1970లలో న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ ఒకే రికార్డు రెండు కాపీలతో బ్రేక్‌ని (పాటలో డ్రమ్స్ మాత్రమే మోగే ముక్కని) పొడిగించడం మొదలుపెట్టాడు. మరో డీజే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ రికార్డు మీదే గుర్తు గీసి, ఎన్ని చుట్లు వెనక్కి తిప్పాలో లెక్క కట్టాడు. ఆ లెక్క ఇప్పటికీ చెల్లుతుంది. 33⅓ వేగంలో ఒక చుట్టుకి 1.8 సెకన్లు. 89 బీపీఎం దగ్గర పాటలో ఒక బార్ అంటే చుట్టున్నర, రెండు బార్లు అంటే మూడు చుట్లు. కిక్ (బేస్ డ్రమ్ దెబ్బ) పడే చోట రికార్డు మీద అంటించిన స్టిక్కర్ గీత 12 గంటల స్థానంలో ఉంటే, ఒక బార్ అయ్యేసరికి 6 దగ్గర ఉంటుంది, రెండు బార్లకి మళ్లీ 12కి వస్తుంది. మూడు చుట్లు వెనక్కి లాగి గీతని 12 దగ్గర ఆపితే బ్రేక్ మొదట్లో ఉన్నట్టే, హెడ్‌ఫోన్‌తో పని లేదు. పిచ్ ఎంత మార్చినా చుట్టుకి పడే బీట్లు మారవు, పాట అసలు వేగాన్ని బట్టే ఉంటాయి. కంట్రోలర్‌లో జాగ్ (చేత్తో తిప్పే చక్రం) వేగం 33⅓కి పెట్టుకుంటే అక్కడా ఇదే లెక్క. ఒక డెక్ ఆడుతుండగా రెండోది తిప్పుకుని రావడం తడబాటు లేకుండా పది నిమిషాలు చేయగలిగితే, మీరు చెప్పిన ఇబ్బంది చాలావరకు తీరిపోతుంది.

నీడిల్‌బరువు:

టర్న్‌టేబుళ్ల సంగతి నేను చెబుతాను. మిక్సింగ్‌తో బతకడానికి అవి తప్పనిసరి కాదు. స్క్రాచ్‌ని మీ గుర్తింపుగా చేసుకోవాలంటే మాత్రం కావాలి. చిన్న జాగ్ చక్రం మీద వేళ్లకి అలవాటైన దూరం 12 అంగుళాల రికార్డు మీద పనికిరాదు, మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. కొంటే డైరెక్ట్ డ్రైవ్‌వే (మోటారే నేరుగా పళ్లేన్ని తిప్పేవి) కొనండి. బెల్ట్‌ది అయితే చెయ్యి వదిలాక వేగం అందుకోవడానికి టైము తీసుకుంటుంది, బెల్ట్ కూడా సాగిపోతుంది. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 వంశాన్ని డీజేలు ఇన్నాళ్లు నమ్ముకున్నది ఈ మోటార్ వల్లే.

నీడిల్ ఎగురుతోందంటే అందరూ ముందు బరువు పెంచేస్తారు. అది ఆఖర్న చేయాల్సిన పని. మొదట టర్న్‌టేబుల్‌ని 90 డిగ్రీలు అపసవ్యంగా తిప్పి పెట్టండి, టోన్‌ఆర్మ్ (నీడిల్‌ని మోసే కడ్డీ) పై వైపుకి వెళ్లి చేతికి తగలకుండా ఉంటుంది. యాంటీస్కేట్ (నీడిల్ లోపలి వైపుకి జరగకుండా ఆపే అమరిక) సున్నాకి తెండి, వెనక్కి లాగేటప్పుడు అది అడ్డం పడుతుంది. స్లిప్‌మ్యాట్ (రికార్డు కింద వేసే జారే బట్ట) కింద పల్చటి నున్నని షీట్ వేయండి, రికార్డు తేలిగ్గా జారితే చెయ్యి నొక్కే బలం తగ్గుతుంది. నీడిల్ ఎగరడానికి సగం కారణం ఆ నొక్కుడే. అప్పటికీ ఎగిరితే బరువు 3 గ్రాములకి, ఇంకా కావాలంటే 4కి. అంతకు మించితే టైమ్‌కోడ్ రికార్డు (పాటకి బదులు సాఫ్ట్‌వేర్‌కి సంకేతం పంపేది) గాడి త్వరగా అరిగిపోతుంది.

టైమ్‌కోడ్‌తో సెరాటో అనే డీజే సాఫ్ట్‌వేర్ వాడితే స్కోప్‌లో (సిగ్నల్‌ని బొమ్మగా చూపే చోట) వలయం గుండ్రంగా ఉందో లేదో ప్రతి సెట్‌కి ముందూ చూడండి. కోడిగుడ్డులా ఉంటే ఎడమ కుడి సిగ్నల్ సమంగా లేదన్నమాట. గీతలా అయిపోతే ఒక పక్క సిగ్నల్ రావడం లేదు, సాధారణంగా హెడ్‌షెల్ (నీడిల్ బిగించే తల) దగ్గరి చిన్న పిన్నులు మురికి పట్టి ఉంటాయి, తుడిచి బిగించండి. నీడిల్ కింద దుమ్ము ఉండ కట్టినా పాట తడబడుతుంది. క్యాలిబ్రేట్ చేసేటప్పుడు నీడిల్ ఆగి ఉన్న రికార్డు మీద ఉండాలి, స్పీకర్లలో పాట మోగుతూ ఉండాలి. గది శబ్దం నీడిల్‌లోకి ఎంత వస్తోందో అప్పుడే దానికి తెలుస్తుంది. స్క్రాచ్ చేస్తున్నంతసేపూ రెల్ మోడ్‌లో (రికార్డు కదలికని మాత్రమే చూసే పద్ధతిలో) ఉండండి. ఏబీఎస్‌లో (నీడిల్ ఉన్న చోటుని బట్టి పాట నడిచే పద్ధతిలో) ఉండి నీడిల్ ఎగిరితే పాట కూడా ఎక్కడికో దూకేస్తుంది. గుయ్యిమని హమ్ వస్తే గ్రౌండ్ తీగ వదులైంది.

మీ ట్రాన్స్‌ఫార్మ్ గురించి. ముందు మిక్సర్ సెట్టింగ్ చూడండి. క్రాస్‌ఫేడర్ (ఒక డెక్ నుంచి ఇంకోదానికి మార్చే అడ్డ మీట) కర్వ్, అంటే ఎంత కదిలితే శబ్దం ఎంత తెరుచుకోవాలన్న అమరిక, పూర్తిగా షార్ప్‌లో ఉండాలి. అంచు నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు కదలగానే శబ్దం మొత్తం తెరుచుకోవాలి. కర్వ్ నున్నగా ఉంటే ఎంత వేగంగా కొట్టినా ముక్కలు విడిపోవు, ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. తర్వాత చెయ్యి: ఫేడర్ మూసి ఉంచి, సాగే శబ్దాన్ని ఒక బీట్ అంతా నెమ్మదిగా ముందుకి నడుపుతూ, బొటనవేలు స్ప్రింగులా మూసే వైపుకి ఆనించి మిగతా వేళ్లతో తెరవండి. 70 బీపీఎం పెట్టుకుని బీట్‌కి రెండు ముక్కలు, అవి సమానంగా వచ్చాక మూడు, ఆ తర్వాత నాలుగు. రికార్డు చెయ్యి తొందరపడితే శబ్దం మధ్యలోనే అయిపోయి చివరి ముక్క దొరకదు. చాలామందికి తప్పు ఫేడర్ చేతిలో కనబడుతుంది గానీ ఉండేది రికార్డు చేతిలోనే. రికార్డ్ చేసుకుని వినండి, మీకే తెలిసిపోతుంది.

తొంభైబీపీఎం:

నీడిల్‌బరువు గారూ, కర్వ్ నిజంగానే మధ్యలో ఉంది, ఇంతకాలం చూసుకోలేదు. రెండుకాపీలు గారూ, స్టిక్కర్ లెక్క ఈరోజే మొదలుపెడతాను. పాటల సేకరణ, బుకింగ్‌ల గురించి కూడా ఎవరైనా చెబుతారా?

బూత్‌దీపం:

తమ్ముడూ, చేతి పని గురించి పైవాళ్లు చెప్పిందంతా సరైనదే. రెండోసారి పిలిపించేది మాత్రం లైబ్రరీ, నమ్మకం. పాటలు వేలల్లో పోగేయడం కన్నా, ఎక్కడ ఎక్కాలో ఎక్కడ దిగాలో చేతికి తెలిసిన 300 పాటలు మేలు. ప్రతి పాటకీ నాలుగు హాట్ క్యూలు (నొక్కగానే ఆ చోటికి దూకే గుర్తులు) ఎప్పుడూ ఒకే వరుసలో పెట్టుకో: మొదటి కిక్, మొదటి వెర్స్, హుక్, దిగే చోటు. వరుస మారకపోతే చీకట్లో కూడా వేలు తప్పదు. ప్రతి పాటకీ బూతులున్నదీ, క్లీన్‌దీ రెండూ ఉండాలి, పేరులోనే గుర్తు ఉండాలి. కుటుంబాలు ఉన్న సభలో తప్పు ఫైల్ ఒక్కటి పడితే ఇక అక్కడికి నిన్ను పిలవరు. ఇంట్రో లేని పాటలకి ఎడిట్ నువ్వే చేసుకో: దాని డ్రమ్స్‌లోంచే 8 బార్లు లూప్ తీసి ముందు అతికిస్తే చాలు.

ఫైళ్లు 320 ఎంపీ3లో ఉంచు, ఏ ప్లేయర్‌లోనైనా ఆడతాయి. ఫ్లాక్ ఫైళ్లని పాత సీడీజేలు (క్లబ్బుల్లో వాడే డీజే ప్లేయర్లు) చదవవు. యూఎస్‌బీని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంటే సీడీజే దాన్ని గుర్తించదు, సభలో నిలబడి చేయగలిగింది ఏమీ ఉండదు. ఒకే లైబ్రరీ ఉన్న యూఎస్‌బీలు రెండు పట్టుకెళ్లు. ల్యాప్‌టాప్‌తో వెళ్లినా అవి జేబులో ఉండాల్సిందే.

డెమో 20 నుంచి 30 నిమిషాలు చాలు. వినేవాళ్లు మొదటి రెండు నిమిషాల్లోనే తేల్చేస్తారు కాబట్టి పొడుగాటి ఇంట్రోలు వద్దు, మొదటి నిమిషంలోనే ఒక మంచి మలుపు పడాలి. తప్పులు సాఫ్ట్‌వేర్‌లో దిద్దకు, సభలో అదే స్థాయి ఆశిస్తారు. సాధారణ వీడియో సైట్లలో పెడితే హక్కుల దావాతో మ్యూట్ కావచ్చు. మిక్స్‌క్లౌడ్‌కి డీజే మిక్సుల కోసం లైసెన్సులు ఉన్నాయి, అక్కడ పెట్టు.

మొదట్లో దొరికేవి ఓపెనింగ్ సెట్లే. అందులో ఆ వారం అందరూ ఎదురుచూసే పాటలు వాయించేస్తే ముఖ్య డీజేకి ఏమీ మిగల్చనట్టే. నిర్వాహకులు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకుంటారు. 85–95 బీపీఎం మధ్య తిరుగు, వాల్యూమ్‌కి పైన చోటు వదులు. ఛానల్ మీటర్ ఎరుపులోకి పోనివ్వకు. ఎరుపులో కొడితే శబ్దం పెరగదు, సిస్టమ్ లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) నొక్కేస్తుంది, కిక్ చప్పబడుతుంది. అది చాలక ఇంకా పెంచుతారు, అక్కడితో చెడిపోతుంది. దిగేటప్పుడు వాయిద్యం మాత్రమే ఉన్న పాట ఒకటి నడుస్తూ ఉండేలా వదిలి, తర్వాతి డీజే చెయ్యి పడ్డాకే నీ తీగలు తియ్యి.

డబ్బు మాటలన్నీ రాతలో ఉండాలి: ఎన్ని గంటలు, ఎవరి పరికరాలు, సగం అడ్వాన్స్, ఎన్ని రోజుల ముందు రద్దు చేస్తే అడ్వాన్స్ తిరిగివ్వాలి, అదనపు అరగంటకి ఎంత. మిక్సర్ మోడల్, ప్లేయర్ల మోడల్ ముందే అడుగు. స్క్రాచ్ చేసేవాళ్లకి షార్ప్ క్రాస్‌ఫేడర్ లేని మిక్సర్ ఎదురైతే సెట్ సగం పోయినట్టే.

రెండుకాపీలు:

బూత్‌దీపం గారితో ఒక్క చోట తేడా. క్లబ్బు ఓపెనింగ్ ఒక్కటే దారి అనుకోకండి. ర్యాపర్ వెనక డీజేగా నిలబడటం ఈ కళకి సొంతమైన పని, అందులో పోటీ తక్కువ. దానికి ప్రతి పాటకీ రెండు ఫైళ్లు అడిగి తీసుకోండి: గొంతు అసలు లేని వాయిద్యం ఒకటి, హుక్, వెనక గొంతులు ఉండి వెర్స్ మాత్రం ఖాళీగా ఉన్న టీవీ ట్రాక్ ఒకటి. ప్రతి వెర్స్ మొదట్లో హాట్ క్యూ పెట్టండి, ర్యాపర్ మాట మర్చిపోయి మళ్లీ మొదలుపెట్టమంటే ఒక్క నొక్కుతో వెనక్కి రావాలి. ఏ మాటల దగ్గర బీట్ ఆపాలో రిహార్సల్‌లో కాగితం మీద రాసుకోండి. ఆ ఆపడం ఛానల్ ఫేడర్‌తో చేయండి. ప్లే బటన్‌తో ఆపితే తిరిగి వచ్చేటప్పుడు ఒకటో బీట్ తప్పిపోయే ప్రమాదం ఉంది.

నిర్మాతలకి హుక్ మీద స్క్రాచ్‌లు చేసి పంపే పని కూడా ఉంది. 24 బిట్ వేవ్, ఎఫెక్టులు ఏవీ లేకుండా, పాట మొదటి సెకను నుంచి మొదలయ్యే ఫైల్. అలా ఉంటే వాళ్లు టైమ్‌లైన్‌లో పడేయగానే సరిగ్గా కూర్చుంటుంది. మూడు నాలుగు టేకులు వేరువేరుగా ఇవ్వండి.

నీడిల్‌బరువు:

చెవుల మాట ఎవరూ ఎత్తలేదు. పనిచేసేవాళ్ల ఆరోగ్య భద్రతని చూసే అమెరికా నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో 8 గంటల దాకా ఉండవచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగం అవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. బూత్ మానిటర్ (డీజే పక్కన ఉండే స్పీకర్) దగ్గర 100 దాటడం మామూలే. ఫోమ్ ప్లగ్గులు పై శబ్దాలని ఎక్కువగా తినేస్తాయి, హైహ్యాట్ వినబడక బీట్ తప్పుతుంది. అన్ని స్థాయిల్నీ ఇంచుమించు సమానంగా తగ్గించే సంగీతకారుల ప్లగ్గులు వాడండి. మానిటర్‌ని మిక్స్ చేసే ఆ కొద్ది సెకన్లు పెంచి, అయిపోగానే దించేయండి. సాధన చేసేటప్పుడు కూడా ప్లగ్గు పెట్టుకునే చేయండి, లేకపోతే సభలో పెట్టుకున్న రోజు హెడ్‌ఫోన్ లెవల్ ఎంత ఉంచాలో తెలియదు.