ఓటు యంత్రాల పరిశోధనకు ప్రభుత్వ సొమ్ము అవసరమా, కాగితం చాలదా?

కాగితమేమేలు:
2000 అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడాలో చిల్లు పొడిచే బ్యాలెట్లు సరిగ్గా లెక్కకు రాక జరిగిన రభస తర్వాత, 2002లో అమెరికాలో ‘హెల్ప్ అమెరికా ఓట్ యాక్ట్’ వచ్చింది. ఆ తర్వాత ఓటు యంత్రాల మీద పరిశోధనకు ప్రభుత్వం డబ్బు ఇస్తూనే ఉంది. 2005లో పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ‘అక్యురేట్’ అనే పరిశోధన కేంద్రానికి 75 లక్షల డాలర్లు ఇచ్చింది. 2019లో రక్షణ శాఖ సంస్థ డార్పా కోటి డాలర్ల పథకం ప్రకటించింది. చివరికి తేలిందేమిటి? కాగితం బ్యాలెట్ వాడండి, నింపిన ఓటును ఇంటర్నెట్‌లో పంపకండి అని 2018లో శాస్త్రవేత్తల సంస్థలైన నేషనల్ అకాడమీల నివేదిక చెప్పింది. ఈ మాట కోసం ఇంత ఖర్చా? పెన్ను, కాగితం, లెక్కింపు తర్వాత గట్టి ఆడిట్ (కొన్ని బ్యాలెట్లు తీసి మళ్లీ సరిచూడడం). ఇవి చాలు. ఈ పద్దు మూసేయాలని నా వాదన.

చుక్కలలిపి:
పెన్నుతో గడి నింపలేని వాళ్లను మీ లెక్కలో వదిలేశారు. నాకు చూపు లేదు. మిగతా ఓటర్లకున్న గోప్యత, స్వతంత్రత వికలాంగులకూ ఉండాలని, ప్రతి పోలింగ్ కేంద్రంలో వారు వాడగలిగే యంత్రం కనీసం ఒకటి ఉండాలని మీరు చెప్పిన ఆ చట్టమే అంటుంది. కానీ ఒకసారి నేను వెళ్లేసరికి ఆ యంత్రం మూలన ఉంది, ప్లగ్ కూడా పెట్టలేదు. హెడ్‌ఫోన్ ఏ పెట్టెలో ఉందో సిబ్బందికే తెలియదు. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని పేరు చెప్పండి, మేం నింపుతాం అన్నారు. ఇక అది రహస్య ఓటు ఎలా అవుతుంది?

యంత్రం పనిచేసినా గొడవ తీరదు. పేర్లు వింటూ, చేతికి తగిలే బొత్తాలతో ఎంచుకుంటాను. చివర్లో అది ఒక కాగితం అచ్చు వేసి ఇస్తుంది. నేను చెప్పిన పేరే అచ్చయిందో లేదో నేను చూడలేను. కొన్ని యంత్రాల్లోనైతే లెక్కింపు యంత్రం చదివేది పేరును కాదు, పక్కనున్న క్యూఆర్ కోడ్‌ను. అది చూపున్న వాళ్లూ చదవలేరు.

తుదిలెక్క:
చూపున్న వాళ్లు చదవగలిగేది కూడా చదవరు. మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు నమూనా ఎన్నిక పెట్టి, అచ్చయిన ప్రతి బ్యాలెట్‌లో ఒక ఓటు కావాలనే మార్చారు (2020లో ప్రచురించారు). సరిచూసుకోమని ఎవరూ గుర్తు చేయనప్పుడు, తప్పు ఉందని సిబ్బందికి చెప్పింది 6.6 శాతం మంది. ఎంచుకోవలసిన పేర్ల చీటీ చేతిలో ఉంచి, పెట్టెలో వేసేముందు సరిచూసుకోమని నోటితో చెబితే గుర్తించేవారు బాగా పెరిగారు. ఇలాంటివి ఊహిస్తే తెలియవు, పరీక్షిస్తేనే తెలుస్తాయి.

అందరికీ యంత్రమే ఇస్తే ఈ ప్రమాదం అందరికీ పాకుతుంది. వికలాంగులకు మాత్రమే ఇస్తే, ఆ కేంద్రంలో వేరే రకం బ్యాలెట్లు రెండో మూడో వస్తాయి, ఎవరివో ఇట్టే తెలిసిపోతుంది. ఈ పీటముడి విప్పడానికి యంత్రాలమ్మే కంపెనీ సొంత డబ్బు ఎందుకు పెడుతుంది?

కొత్తగాలి:
ఫోనులో బ్యాంకు పని నడుస్తోంది కదా, ఓటు నడవదా?

తుదిలెక్క:
బ్యాంకులో తేడా వస్తే ఖాతా చూసి పట్టుకోవచ్చు. ఓటు ఎవరిదో ఎవరికీ తెలియకూడదు, కాబట్టి తర్వాత సరిచూసే దారి లేదు. 2010లో వాషింగ్టన్ డీసీ తన ఇంటర్నెట్ ఓటు వ్యవస్థను చేతనైతే ఛేదించండని పరీక్షకు పెట్టింది. మిషిగన్ బృందం 48 గంటల్లోపే అందులో చొరబడి ఓట్లన్నీ మార్చేసింది.

కాగితమేమేలు:
సరే, లాస్ ఏంజెలెస్ కౌంటీ సంగతేమిటి? ఏళ్ల తరబడి పరిశోధించి, కోట్ల డాలర్లు పోసి సొంత యంత్రం చేయించుకుంది. 2020 మార్చిలో జనం గంటల తరబడి వరుసల్లో నిలబడ్డారు.

తుదిలెక్క:
ఆ ఆలస్యానికి ప్రధాన కారణం ఓటర్ల జాబితా చూసే ట్యాబ్లెట్లు, బ్యాలెట్ యంత్రం కాదు. డబ్బు నిజంగా వృథా అయింది ఎక్కడో చెబుతాను. 2002 చట్టం కింద రాష్ట్రాలకు వందల కోట్ల డాలర్లు వచ్చాయి. కొత్త ప్రమాణాలు సిద్ధం కాకముందే చాలా చోట్ల కాగితం ఆధారమే లేని టచ్‌స్క్రీన్లు కొనేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, 2007లో కాలిఫోర్నియా నిపుణులతో వాటిని విప్పి చూపించింది. ‘అక్యురేట్’ పరిశోధకులు కొందరు అందులో ఉన్నారు. భద్రత డొల్ల అని తేలింది. వికలాంగుల సౌకర్యం చూసిన బృందం కూడా అవి సరిపోవని రాసింది. వారి పేరు చెప్పి కొన్న యంత్రాలు వారికే పనికిరాలేదన్నమాట!

సాఫ్ట్‌వేర్‌లో తప్పు జరిగితే అది ఎవరూ పసిగట్టలేనట్టు ఫలితాన్ని మార్చేయలేని విధంగా వ్యవస్థ ఉండాలన్న సూత్రాన్ని 2006లో ప్రతిపాదించిన ఇద్దరిలో ఒకరు ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ ఉద్యోగి. 2021 జాతీయ ప్రమాణాల్లోకి అది ఎక్కింది. మీరడిగే గట్టి ఆడిట్ కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎన్ని బ్యాలెట్లు తీసి చూస్తే ఫలితం మీద నమ్మకం కుదురుతుందో గణాంక శాస్త్రజ్ఞులు లెక్క కట్టాక, 2017లో కొలరాడో దాన్ని రాష్ట్రమంతటా అమలు చేసింది.

కాగితమేమేలు:
ఆడిట్ విషయం ఒప్పుకుంటాను. అచ్చయిన బ్యాలెట్‌ను చూపులేని వారికి చదివి వినిపించే పరికరం కోసమైతే డబ్బు ఇవ్వండి. ఇంటర్నెట్ ఓటుకు మాత్రం ఒక్క డాలరు కూడా వద్దు.

చుక్కలలిపి:
ఆ చదివే పరికరం బ్యాలెట్ అచ్చు వేసిన కంపెనీది కాకూడదు, కోడ్‌ను కాక అక్షరాలనే చదవాలి. ఇక పోస్టులో వచ్చే బ్యాలెట్ మాటేమిటి? ఇంట్లో కంప్యూటర్ మీద వింటూ నింపే వీలు కొన్ని రాష్ట్రాల్లో ఉంది. తర్వాత దాన్ని అచ్చు తీసి, కవరులో పెట్టి, సరైన చోట సంతకం చేయాలి. అక్కడ మళ్లీ ఇంకొకరి కళ్లు కావాలి. ఇంటర్నెట్ వద్దంటే వద్దు, మీతో పేచీ లేదు. కానీ ఈ చివరి అడుగు తేలేదాకా పద్దు మూసేయమనకండి.