ఆక్స్‌ఫర్డ్ సీటుకు ఇంటర్వ్యూ ఎందుకు? మార్కులు చాలవా?

వాదనప్రియుడు:
ఆక్స్‌ఫర్డ్‌లో డిగ్రీ సీటు కావాలంటే అక్టోబరు 15 లోపు దరఖాస్తు పెట్టాలి. అదే ఏడాది కేంబ్రిడ్జికి పెట్టకూడదు. చాలా సబ్జెక్టులకు రాతపరీక్ష కూడా ఉంది. ఇవన్నీ దాటాక డిసెంబరులో అధ్యాపకుల ముందు అరగంట కూర్చోవాలి. నా అభ్యంతరం ఈ చివరి మెట్టు మీదే. జవాబుపత్రానికి ముఖం ఉండదు, యాస ఉండదు. ఇంటర్వ్యూలో రెండూ ఉంటాయి. బ్రిటన్‌లో నూటికి సుమారు 93 మంది పిల్లలు ప్రభుత్వ బడుల్లో చదువుతారు. ఆక్స్‌ఫర్డ్ చేర్చుకునే బ్రిటన్ విద్యార్థుల్లో వాళ్ళ వాటా దాదాపు మూడింట రెండు వంతులే. ఎంసెట్‌ను, జేఈఈని ఎంతైనా తిట్టుకుందాం, ర్యాంకు మాత్రం నీ తండ్రి ఎవరని అడగదు. రాధాకృష్ణన్ గారు చదివిన విశ్వవిద్యాలయానికి ఈపాటి తెలియదా?

చెర్వెల్ ఒడ్డు:
రాధాకృష్ణన్ గారు అక్కడ చదవలేదండీ, పాఠం చెప్పారు. 1936 నుంచి 1952 దాకా తూర్పు దేశాల మతాలు, నీతిశాస్త్రం చెప్పే స్పాల్డింగ్ ప్రొఫెసర్. ఆయన ఫెలోగా ఉన్న ఆల్ సోల్స్ కాలేజీలో అసలు డిగ్రీ విద్యార్థులే ఉండరు. ఇక ఆ 93 అన్ని వయసుల పిల్లలదీ కలిపిన లెక్క. పదహారేళ్ళు దాటాక చదివే తరగతుల్లో ప్రైవేటు బడుల వాటా పెరుగుతుంది. తేడా లేదనను, మీరు చూపినంత లేదు.

నేను అక్కడ గణితం చదివాను. విశ్వవిద్యాలయమే బయటపెట్టిన నమూనా ప్రశ్న ఒకటి చూడండి. గోడకు నిచ్చెన ఆనించి ఉంది. సరిగ్గా మధ్యనున్న మెట్టుకు రంగు వేశారు. నిచ్చెన జారి పడుతుంటే ఆ మెట్టు ఏ దారిలో కదులుతుంది? చాలామంది చెయ్యి మొదట గోడా నేలా కలిసే మూల వైపు వంగిన గీత గీస్తుంది. నిజానికి అది ఆ మూల కేంద్రంగా గీసిన వృత్తంలో పావు భాగం. మన ఇంటర్ పిల్లలకు ఇది కొట్టిన పిండి. మేం చదివిన గణితం 1బిలో మొదటి అధ్యాయమే బిందుపథం. కానీ జవాబు దగ్గర సంభాషణ ఆగదు. ‘మధ్య మెట్టు కాకుండా ఇంకాస్త కిందిదైతే?’ అని అడగవచ్చు. అప్పుడది దీర్ఘవృత్తం. సూత్రం బట్టీ పట్టినవాడు అక్కడ తడుముకుంటాడు. మొదట గీత తప్పు గీసినవాడు, చిన్న మాట అందించగానే అల్లుకుపోతాడు. ఈ రెండోవాడు రాతపరీక్షకు చిక్కడు.

అక్కడి చదువు సాగేదీ అలాగే. ట్యుటోరియల్ అంటే ఒక అధ్యాపకుడు, ఇద్దరు ముగ్గురు విద్యార్థులు, వారం వారం. వెనక బెంచీ అనేది ఉండదు. ఇంటర్వ్యూ చేసిన మనిషే తరచు ఆ పాఠమూ చెబుతారు.

కూకట్‌పల్లి వాసి:
ర్యాంకు తండ్రి ఎవరని అడగదు, నిజమే. కోచింగ్‌కు ఎంత కట్టాడని అడుగుతుంది.

వాదనప్రియుడు:
ఇంటర్వ్యూకు కోచింగ్ లేదా? ఖరీదైన బడుల్లో నమూనా ఇంటర్వ్యూలు పెట్టి మరీ తయారు చేస్తారు. అల్లుకుపోవడమూ నేర్పితే వచ్చేదే. పైగా ఎంచుకునేవాడే పాఠం చెప్పేవాడైతే తనకు నచ్చే రకాన్నే ఎంచుకుంటాడు. పెళ్ళిచూపులకూ దీనికీ తేడా ఏమిటి?

సుద్దముక్క:
లెస్టర్‌లో ఒక ప్రభుత్వ బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. పూర్వం ఆక్స్‌ఫర్డ్‌కు సొంత ప్రవేశపరీక్ష ఉండేది. దానికి తర్ఫీదు ఇచ్చే స్తోమత ఎక్కువగా ప్రైవేటు బడులకే ఉందన్న విమర్శ ఏళ్ళ తరబడి సాగింది, 1995లో ఎత్తేశారు. కాగితానికి ముఖం లేనంత మాత్రాన న్యాయం జరగదు. ఇప్పుడు పిల్ల చదివిన బడి ఫలితాలెలా ఉన్నాయి, ఏ ప్రాంతంలో ఉంటుంది అన్నవీ దరఖాస్తుతో పాటు చూస్తారు. ఆక్స్‌ఫర్డ్ అంటే ఎన్నో కాలేజీలు, దరఖాస్తులో వాటిలో ఒకదాన్ని కోరుకోవచ్చు. సీటు వచ్చినవాళ్ళలో సుమారు మూడో వంతు తాము కోరని కాలేజీలో చేరుతున్నారు. అంటే ఒక కాలేజీ కాదన్నవారిని మరొకటి పిలుస్తోంది. ఇవేం పెళ్ళిచూపులండీ?

నా బాధ వేరు. 2020 నుంచి ఇంటర్వ్యూలు ఆన్‌లైన్‌లోనే. అంతకుముందు పిల్లలు వెళ్ళి కాలేజీలోనే బస చేసి, ఆ భోజనశాలలోనే తిని, ఇక్కడా మామూలు మనుషులే ఉన్నారని తెలుసుకుని వచ్చేవారు. ఇప్పుడు మా బడిలో ఒక సామాన్ల గది ఖాళీ చేసి, తలుపుకు ‘నిశ్శబ్దం’ అని కాగితం అంటిస్తాం. చెర్వెల్ గారు చెప్పిన నిచ్చెన బొమ్మ గీయాలంటే తెర మీద రాసే టాబ్లెట్, కలం కావాలి. దాన్ని పిల్లలు వంతులవారీగా వాడుకుంటారు.

చెర్వెల్ ఒడ్డు:
టాబ్లెట్ సంగతి మీరన్నది నిజం. సీటు వచ్చాక ఉండే ఇబ్బందులు కూడా ఎవరూ మాట్లాడరు. టర్ము ఎనిమిది వారాలే, ఆ వారాల్లో ఉద్యోగం చేయవద్దంటారు. చాలా కాలేజీల్లో ఎనిమిదో వారం చివర గది ఖాళీ చేయాలి, సెలవుల్లో వాటిని సదస్సులకు అద్దెకిస్తారు. అమ్మానాన్నలు కారు వేసుకొచ్చేవాళ్ళకు చిక్కు లేదు. గుంటూరు నుంచి వచ్చినవాడు అట్టపెట్టెలు పేర్చుకుని, సామాన్లు దాచే గదిలో చోటు కోసం కాలేజీ గేటు చూసుకునే పోర్టరును బతిమాలుకోవాలి. ఆస్తిపరురాలైన కాలేజీ పుస్తకాలకు కూడా డబ్బిస్తుంది, పక్కదానికి అంత శక్తి ఉండదు. ఎంతమంది పేదపిల్లలు చేరారని లెక్కపెట్టేవాళ్ళు ఇదీ లెక్కపెట్టాలి.

వాదనప్రియుడు:
సరే, ట్యుటోరియల్‌కు తగినవాడా అని వడపోస్తున్నారు. తగేలా తయారు చేయడం ఎవరి పని? 2023లో ఆస్ట్రోఫోరియా ఫౌండేషన్ ఇయర్ అని మొదలైంది కదా. అవకాశాలు దొరకని ప్రభుత్వ బడి పిల్లలకు ఏడాదిపాటు ఖర్చంతా భరించి చదువు చెప్పి, గట్టెక్కితే డిగ్రీలో చేర్చుకుంటారు. ఉన్నవి యాభై సీట్లే. ఇంటర్వ్యూల మీద పెట్టే శ్రమ దాని మీద పెట్టి అయిదు వందలు చేయమనండి.

సుద్దముక్క:
చేస్తే నాకంటే సంతోషించేవారు లేరు. మా బడి నుంచే దరఖాస్తు పెట్టిస్తాను. కాకపోతే దానికీ ఇంటర్వ్యూ ఉందండీ. మరి దాన్నీ తీసేయమంటారా?