పరస్పర అంగీకార విడాకులు: రెండో వాయిదాకు ముందు, డిక్రీ తర్వాత ఏమేమి చూసుకోవాలి?

దేవరకొండ వాసి:

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా చెల్లెలి విడాకుల విషయంలో తెలిసినవారి సలహా కోరి ఇది రాస్తున్నాను.

చెల్లెను నాగర్‌కర్నూల్ వైపు ఇచ్చాం. రెండేళ్లకు పైగా ఆమె మా ఇంట్లోనే ఉంటున్నది, ఆరేళ్ల కొడుకు కూడా ఆమె దగ్గరే ఉన్నాడు. మొదట ఆమె ఫిర్యాదు మీద భర్త, అత్తింటివారి వేధింపులకు సంబంధించిన 498ఎ కేసు నమోదైంది. తర్వాత ఇరువైపుల పెద్దమనుషులు కూర్చొని మాట్లాడితే, ఇద్దరూ ఇష్టపూర్వకంగా విడిపోవడానికి ఒప్పుకొని నల్లగొండ కోర్టులో పిటిషను వేశారు. మొదటి వాంగ్మూలం పూర్తయింది, రెండో వాయిదా వచ్చే నెలలో ఉంది.

పంచాయితీలో కుదిరిన మాట ప్రకారం అవతలివారు 12 లక్షల రూపాయలు ఇవ్వాలి, పెండ్లిలో పెట్టిన 15 తులాల బంగారం వాపసు చేయాలి, పసుపు కుంకుమ కింద మా నాన్న అల్లుడి పేరున చేయించిన రెండెకరాల భూమిని చెల్లె పేరున మార్చాలి. ఈ షరతులన్నీ 100 రూపాయల బాండ్ పేపరు మీద రాసి అందరూ సంతకాలు చేశారు. కోర్టులో వేసిన పిటిషనులో మాత్రం ఇరుపక్షాల మధ్య లావాదేవీలన్నీ పరిష్కారమయ్యాయని ఒక్క వాక్యమే ఉంది. ఇప్పటివరకు సగం డబ్బు ముట్టింది. మిగిలిన డబ్బు, బంగారం, భూమి డిక్రీ (కోర్టు ఇచ్చే విడాకుల ఉత్తర్వు) వచ్చాక ఇస్తామంటున్నారు, 498ఎ కేసును మాత్రం ముందే తీసేయమంటున్నారు. పైగా అబ్బాయికి మరో సంబంధం కుదిరిందట. బాండ్ పేపరు రాసుకున్నాక విడాకులు అయిపోయినట్లేనని, ముహూర్తం పెట్టుకుంటామని చెబుతున్నారు.

ఈ పనులు ఏ వరుసలో చేస్తే చెల్లెకు, పిల్లవానికి నష్టం లేకుండా ఉంటుంది? డిక్రీ వచ్చిన తర్వాత ఇంకా ఏ కాగితాలు మార్పించుకోవాలి? మా నాన్న ఈ బెంగతో సరిగా నిద్రపోవడం లేదు. దయచేసి వివరంగా చెప్పగలరు.

నల్లగొండ న్యాయవాది:

సోదరా, ముందుగా బాండ్ పేపరు సంగతి చెబుతాను, ఎందుకంటే మన జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు దీన్ని నమ్మి దెబ్బతింటున్నాయి. హిందూ వివాహ చట్టం, 1955 కింద జరిగిన పెండ్లిని రద్దు చేసే అధికారం కోర్టుకే ఉంది. కులాచారం ప్రకారం విడాకులు తీసుకునే ఆనవాయితీని సెక్షను 29(2) కాపాడుతున్న మాట నిజమే గాని, అటువంటి ఆచారం తమలో పూర్వం నుంచి ఉన్నదని చెప్పుకునేవారే దాన్ని సాక్ష్యాలతో రుజువు చేయాలి. పెద్దమనుషులు సంతకాలు చేసినంత మాత్రాన అది ఆచారం కాదు. మీది తండా అయితే ఆ సంగతి మీ వకీలుకు తప్పక చెప్పండి, ఎందుకంటే సెక్షను 2(2) ప్రకారం ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు నేరుగా వర్తించదు, అప్పుడు ఆలోచించవలసిన దారి వేరుగా ఉంటుంది.

కాబట్టి డిక్రీ రాకముందు ఆ అబ్బాయి మళ్లీ పెండ్లి చేసుకుంటే ఆ పెండ్లి చెల్లదు, భారతీయ న్యాయ సంహిత సెక్షను 82 కింద ఏడేళ్ల వరకు శిక్ష పడగల నేరం కూడా అవుతుంది. ఈ మాట అవతలివారికి కోపంతో కాకుండా, వారి మేలు కోరి చెప్పండి. ఏ పాపమూ ఎరుగని మరో ఇంటి ఆడపిల్ల రేపు చట్టం ముందు భార్య కాకుండా మిగిలిపోతుంది.

ఇక వరుస విషయం. పరస్పర అంగీకార విడాకుల గురించి చెప్పే సెక్షను 13బి కింద మొదటి వాంగ్మూలం ఇచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. పిటిషను వేసిన ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలల లోపు ఇద్దరూ మళ్లీ వచ్చి కోరాలి. డిక్రీ ఇచ్చే రోజు వరకు ఇద్దరి అంగీకారమూ నిలిచి ఉండాలని సుప్రీంకోర్టు 1991లో సురేష్టా దేవి కేసులో చెప్పింది. అంటే రెండో వాయిదా రోజు న్యాయమూర్తి అడిగినప్పుడు మీ చెల్లె ఇష్టంతో అవునని చెబితేనే డిక్రీ వస్తుంది. ఆమె చేతిలో ఉన్న ఈ ఒక్క బలాన్ని, షరతులు నెరవేరకముందే వదులుకోవలసిన అవసరం లేదు.

మీ పిటిషనులో ఉన్న ఆ ఒక్క వాక్యమే నాకు ఎక్కువ భయం కలిగిస్తున్నది. లావాదేవీలన్నీ పరిష్కారమయ్యాయని ఆమె కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన తర్వాత, ఇంకా ఆరు లక్షలు రావాలని అడిగితే ఎవరు వింటారు? బాండ్ పేపరు మీది షరతుల కోసం వేరే దావా వేసుకొని ఏళ్ల తరబడి తిరగవలసి వస్తుంది. అదే షరతులు డిక్రీలో భాగమైతే, చెల్లించనప్పుడు అదే కోర్టులో నేరుగా ఇ.పి. (డిక్రీని అమలు చేయమని కోరే పిటిషను) వేసి వసూలు చేసుకోవచ్చు. అందువల్ల రెండో వాయిదాకు ముందే ఇద్దరి సంతకాలతో ఒక జాయింట్ మెమో దాఖలు చేయించండి. ఎంత డబ్బు ముట్టింది, ఎంత రావాలి, ఏ తేదీన, ఏ రూపంలో రావాలి, బంగారం ఏ నగకు ఎంత తూకం, భూమి సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, ఇవన్నీ అందులో ఉండాలి. ఈ మెమో డిక్రీలో భాగం కావాలని కోరుతున్నట్లు కూడా అందులోనే రాయించండి.

నా అభిప్రాయంలో భూమి రిజిస్ట్రేషను వాయిదాకు ముందే జరిగిపోవాలి. మిగిలిన డబ్బుకు చెక్కు కాకుండా డి.డి. తీయించి, వాయిదా రోజు కోర్టులోనే అందుకోవాలి, డి.డి. నంబరు, తేదీ, బ్యాంకు పేరు వాంగ్మూలంలో నమోదు కావాలి. డి.డి. చెల్లుబాటు మూడు నెలలే గనుక వాయిదా తప్పితే తేదీ చూసుకోండి. బంగారం కూడా ఆ రోజే, తూకం వేయించిన రసీదుతో తీసుకోవాలి. పెండ్లిలో ఆమెకు పెట్టిన నగలు స్త్రీధనమని, భర్త వద్ద ఉన్నా అవి ఆమె సొత్తేనని 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి వాటిని అడగడానికి మొహమాటపడకండి.

498ఎ విషయంలో అవతలివారి భయాన్ని కూడా అర్థం చేసుకోవాలి. డబ్బంతా ఇచ్చాక కేసు కొనసాగితే ఎట్లా అన్నది వారి ప్రశ్న, అది న్యాయమైనదే. కానీ డిక్రీకి ముందే కేసు తీసేయమనడం సరికాదు. ఆ కేసు ముగింపుకు సహకరిస్తానని మెమోలో రాయించి, డబ్బు అందిన రోజే అఫిడవిట్ మీద ఆమె సంతకం చేస్తే ఇరువైపులా భద్రత ఉంటుంది. ఆ తర్వాత కేసు దశను బట్టి లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవడమో, హైకోర్టులో బి.ఎన్.ఎస్.ఎస్. (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షను 528 కింద కేసును కొట్టివేయమని క్వాష్ పిటిషను వేయడమో మీ వకీలు నిర్ణయిస్తారు. పోలీసు స్టేషనుకు వెళ్లి ఒక కాగితం ఇస్తే కేసు పోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

జడ్చర్ల నుంచి ఒక తల్లి:

అన్నా, న్యాయవాది గారు చెప్పినవాటికి నేను అనుభవంతో కొన్ని కలుపుతాను.

డిక్రీ కాపీ చేతికి రాగానే ప్రతి అక్షరం చదవండి. నా డిక్రీలో పెండ్లి తేదీ తప్పుగా టైపు అయింది, ఇంటిపేరు కూడా ఆధార్‌లో ఉన్నట్లు లేదు. కాపీ తీసుకున్న రోజే ఇంటి అరుగు మీద కూర్చొని పెండ్లి పత్రికను, ఆధార్‌ను పక్కన పెట్టుకొని చూశాను గనుక వెంటనే పట్టుబడింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షను 152 కింద చిన్న దరఖాస్తు వేస్తే ఇటువంటి రాత తప్పులను కోర్టు సరిచేస్తుంది. దాన్ని వదిలేస్తే రేపు పాస్‌పోర్టు ఆఫీసులోనో, బ్యాంకులోనో ఆ ఒక్క అక్షరం కోసం మళ్లీ తిప్పుతారు. హిందూ వివాహ చట్టం సెక్షను 23(4) ప్రకారం విడాకుల డిక్రీ కాపీ ఒకటి ఇద్దరికీ ఉచితంగా ఇవ్వాలి, అయినా కాపీ దరఖాస్తు పెట్టుకొని ధ్రువీకరించిన నకళ్లు మరికొన్ని తీసుకోండి. చాలా ఆఫీసుల్లో కోర్టు ముద్ర ఉన్న నకలునే అడుగుతారు. పిటిషనుతో పాటు దాఖలు చేసిన పెండ్లి ఫొటోలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉంటే వాటిని వాపసు ఇప్పించమని వకీలుతో దరఖాస్తు పెట్టించడం మరిచిపోకండి.

ఆ తర్వాత పనులు ఒకటొకటిగా చేసుకోవచ్చు. రేషన్ కార్డులో పేరు ఇంకా అత్తగారింటి కార్డులోనే ఉంటే మీసేవలో అక్కడి నుంచి తీయించాలి, అది తీయనిదే మరో కార్డులో చేర్చరు. బ్యాంకు ఖాతా, ఎల్.ఐ.సి., పి.ఎఫ్. వంటి వాటిలో నామినీగా ఆయన పేరు ఉంటే మార్చండి. డిక్రీ వచ్చినంత మాత్రాన ఆ పేర్లు వాటంతటవే మారవు. చాలామంది దీన్ని ఏళ్ల తరబడి పట్టించుకోరు, అనుకోనిది జరిగితే ఆ డబ్బు కోసం పిల్లలే తిరగవలసి వస్తుంది. ఇద్దరి పేర్ల మీద అప్పు ఉంటే మాత్రం జాగ్రత్త: కోర్టు ఆయనే కట్టాలని చెప్పినా, బ్యాంకు వద్ద సంతకం చేసిన ఇద్దరూ బాకీదారులే. ఆ అప్పు తీర్పించి, బాకీ లేదన్న పత్రం ముందే తీసుకోండి.

మీ చెల్లెకు వేరే ఆధారం లేకపోతే ఒంటరి మహిళల పింఛనుకు అర్హత ఉందేమో కనుక్కోండి. మన రాష్ట్రంలో 2017లో దీన్ని మొదలుపెట్టారు. మండల పరిషత్తు ఆఫీసులో అడిగితే వివరాలు చెబుతారు. నామోషీ అనుకోవద్దని ఆమెకు చెప్పండి. ఇంట్లో నలుగురు ఉన్నా, తన పేరు మీద నెలనెలా కొంత వస్తుందన్న ధైర్యం వేరు.

అచ్చంపేట దస్తావేజు లేఖకుడు:

భూమి గురించి మాత్రమే చెబుతాను. వ్యవసాయ భూమి గనుక రిజిస్ట్రేషను తహసీల్దారు కార్యాలయంలో జరుగుతుంది. ఇప్పుడు ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో స్లాట్ బుక్ చేసుకోవాలి, రిజిస్ట్రేషనుతో పాటే మ్యుటేషను (రికార్డుల్లో పేరు మార్పు) కూడా అవుతుంది. భూమి అల్లుడి పేరున ఉంది కాబట్టి ఆయన స్వయంగా వచ్చి మీ చెల్లె పేరున గిఫ్ట్ దస్తావేజు రాసివ్వాలి. ఈ పని డిక్రీకి ముందే కావాలనడానికి మరో కారణం ఉంది: కుటుంబ సభ్యుల మధ్య చేసే గిఫ్ట్‌కు స్టాంపు సుంకం తక్కువ, డిక్రీ వచ్చాక వారు భార్యాభర్తలు కారు. స్లాట్ తీసుకునే ముందు ఆ భూమి మీద పంట రుణం గాని, తనఖా గాని ఉన్నదేమో చూడండి. ఉంటే బ్యాంకు నుంచి విడుదల పత్రం రావాలి. పాత పాసుపుస్తకాన్ని కూడా ఆయన నుంచి తీసుకోండి.

దేవరకొండ వాసి:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నాన్నకు ఇవన్నీ చదివి వినిపించాను. మరో రెండు సందేహాలున్నాయి. భవిష్యత్తులో తాను గాని, పిల్లవాడు గాని ఏ హక్కూ కోరబోమని చెల్లెతో రాయించాలని అవతలివారు పట్టుబడుతున్నారు. అట్లా రాస్తే పిల్లవాని గతి ఏమిటి? డిక్రీ తర్వాత ఎన్నాళ్లకు రెండో పెండ్లి చేసుకోవచ్చు? రేపు చెల్లె గురించి కూడా ఆలోచించాలి కదా.

నల్లగొండ న్యాయవాది:

తన శాశ్వత భరణం ముట్టింది గనుక ఇక భరణం కోరనని ఆమె రాయవచ్చు, అది ఆమె ఇష్టం. పిల్లవాని తరఫున మాత్రం ఆ మాట రాయనివ్వకండి. హిందూ దత్తత, భరణ చట్టం, 1956లోని సెక్షను 20 ప్రకారం మైనరు బిడ్డను పోషించే బాధ్యత తండ్రికి ఉంటుంది, తల్లి సంతకంతో అది తొలగిపోదు. తండ్రి వైపు పిత్రార్జితంలో ఆ బాబుకు ఉన్న హక్కు కూడా ఈ విడాకుల వల్ల పోదు. అయితే అటువంటి వాక్యం ఒకసారి కాగితం మీదికి ఎక్కితే, రేపు బాబు పెద్దవాడై అడిగినప్పుడు దాన్ని చూపించి సంవత్సరాల తరబడి కోర్టుల చుట్టూ తిప్పుతారు. అందుకని ఆ వాక్యాన్ని కొట్టివేయించి, దాని స్థానంలో బాబు ఎవరి వద్ద ఉండాలి, తండ్రి ఏ రోజుల్లో వచ్చి చూడవచ్చు, చదువు ఖర్చు ఎవరు ఎంత భరించాలి అన్నవి స్పష్టంగా రాయించండి. తండ్రి వచ్చి చూసే రోజులు రాయించడంలో వెనుకాడవద్దు, బాబుకు తండ్రి అవసరం కూడా ఉంది. పరిస్థితులు మారితే ఈ ఏర్పాట్లను హిందూ వివాహ చట్టం సెక్షను 26 కింద మార్చమని తర్వాత కోర్టును అడగవచ్చు.

రెండో పెండ్లి సంగతి అదే చట్టం సెక్షను 15లో ఉంది. అప్పీలు హక్కు లేకపోతే గాని, అప్పీలు గడువు ముగిస్తే గాని, వేసిన అప్పీలు కొట్టివేస్తే గాని మళ్లీ పెండ్లి చేసుకోవచ్చు. పోట్లాడి తెచ్చుకున్న డిక్రీ అయితే హిందూ వివాహ చట్టం ప్రకారం అప్పీలు గడువు 90 రోజులు. ఇద్దరి అంగీకారంతో ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన డిక్రీ మీద అప్పీలు లేదని ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షను 19(2) చెబుతున్నది. అయినప్పటికీ డిక్రీ నకలు చేతికి వచ్చి, మెమోలోని షరతులన్నీ నెరవేరాకే ముహూర్తం మాట ఎత్తమని నేను ఇరుపక్షాలకూ చెబుతాను.

వకీలు ఫీజు భారమైతే నల్లగొండలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని సెక్షను 12 ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది, 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. మీకు ఇంకా నెల సమయం ఉంది గనుక రేపే వకీలును కలిసి మెమో ముసాయిదా రాయించండి. వాయిదా నాటికి భూమి రిజిస్ట్రేషను కాకపోతే, మీ చెల్లె న్యాయమూర్తికి ఆ సంగతి చెప్పి మరో తేదీ అడగవచ్చు. పద్దెనిమిది నెలల గడువు దాటకుండా చూసుకుంటే చాలు.