నెలనెలా డాక్యుమెంటరీ ప్రదర్శన ఆన్‌లైన్‌లోకి: సినిమా చేరుతుంది సరే, చర్చ ఎలా చేరుతుంది?

హనుమకొండ నిర్వాహకుడు
2020 సెప్టెంబరు 6

అందరికీ నమస్కారం. హనుమకొండలో మేం కొందరం కలిసి 2014 నుంచి ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం ఒక డాక్యుమెంటరీ చిత్రాన్ని ప్రదర్శిస్తూ వచ్చాం. ఒక గ్రంథాలయం మేడమీది హాలు, అద్దెకు తెచ్చుకునే ప్రొజెక్టరు, 60 ప్లాస్టిక్ కుర్చీలు, అదే మా థియేటరు. టికెట్టు లేదు. తలుపు దగ్గర ఉంచిన డబ్బాలో ఎవరికి తోచింది వారు వేస్తారు. విశ్రాంత ఉపాధ్యాయులు, విశ్వవిద్యాలయ విద్యార్థులు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి నలుగురైదుగురు పత్తి రైతులు, కింద జిరాక్స్ షాపు నడిపే పెద్దాయన మాకు స్థిరమైన ప్రేక్షకులు. ఈ ఏడాది మార్చి 8న వేసినదే చివరి ప్రదర్శన. సరిగ్గా రెండు వారాలకు జనతా కర్ఫ్యూ వచ్చింది, ఆ వెంటనే లాక్‌డౌన్ వచ్చింది, హాలు తాళం ఇప్పటికీ తీయలేదు.

జూలైలో ఒకసారి జూమ్‌లో ప్రయత్నించి భంగపడ్డాం. మా దగ్గరున్నది ఉచిత ఖాతా కాబట్టి 40 నిమిషాలకు సమావేశం దానంతట అదే ఆగిపోయింది. మళ్లీ అందరినీ కూడగట్టేసరికి 31 మందిలో 9 మందే మిగిలారు. అంతకుముందు పావుగంట సేపు శబ్దమే లేకుండా బొమ్మ నడిచిందని, ఎవరూ మర్యాద కొద్దీ చెప్పలేదని తర్వాత తెలిసింది. ఇవన్నీ సర్దుకోదగిన పొరపాట్లే. నన్ను ఎక్కువ కలవరపెట్టింది సినిమా అయిపోయిన తరువాతి నిశ్శబ్దం. హాల్లోనైతే దీపాలు వెలిగిన వెంటనే ఎవరో ఒకరు గొంతు సవరించుకునేవారు, సగం చర్చ మెట్లు దిగుతూ జరిగేది, మిగిలినది కింద టీ కొట్టు దగ్గర పూర్తయ్యేది. ఆ రోజు మాత్రం తొమ్మిది నల్లని గడులు నావైపు చూస్తూ ఉండిపోయాయి.

అక్టోబరు నుంచి మళ్లీ మొదలుపెట్టాలని ఉంది. దర్శకులు హాల్లో వేసుకోవడానికి ఇచ్చిన అనుమతి ఆన్‌లైన్‌కు కూడా సరిపోతుందా? అందరం ఒకే సమయంలో చూడాలా, లేక లింకు ముందే పంపి చర్చకు మాత్రం కలుసుకోవాలా? ఇలాంటి ప్రదర్శనలు నడిపిన వారు, చిత్రాలు తీసేవారు మీ అనుభవం చెప్పగలరని ఆశిస్తున్నాను.


కత్తెరబల్ల
2020 సెప్టెంబరు 6

నేను హైదరాబాదులో ఉంటాను, డాక్యుమెంటరీలకు సంకలనం చేస్తాను, సొంతంగా రెండు చిత్రాలు తీశాను. అనుమతి సంగతి ముందు చెబుతాను. సరిపోదండీ. ఒక సాయంత్రం ఒక హాల్లో వేసుకోవడానికి ఇచ్చిన మాట, ఎవరి ఫోనులోకైనా వెళ్లగల లింకుకు వర్తించదు. ఈ మార్చిలో కోపెన్‌హేగెన్‌లోని సీపీహెచ్:డాక్స్ ఉత్సవం డెన్మార్క్ మూతబడిన వారంలోపే ఆన్‌లైన్‌లోకి మారింది కానీ, ఆ చిత్రాలు డెన్మార్క్‌లో ఉన్నవారికే అందాయి. టొరంటోలోని హాట్ డాక్స్ కూడా ఆన్‌లైన్ ప్రదర్శనలను ఒంటారియో రాష్ట్రం వరకే పరిమితం చేసింది. అంత పెద్ద ఉత్సవాలు ఈ కంచెలు కట్టుకోవడానికి కారణం సులువుగానే ఊహించవచ్చు: ఒక దేశంలో నెట్‌లోకి వచ్చేసిన చిత్రాన్ని మరో దేశపు ఉత్సవమో టీవీ సంస్థో తీసుకోవడానికి వెనుకాడుతుంది. ఏళ్ల తరబడి అప్పు చేసి తీసిన చిత్రానికి ఆ కాస్త దారి కూడా మూసుకుపోకూడదు కదా.

ఇక నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించే విషయం మరొకటి ఉంది. మా చిత్రాల్లో కెమెరా ముందు మాట్లాడేవారు నటులు కారు. భూమి పోయిన రైతో, భర్త కొట్టిన సంగతి చెప్పుకున్న స్త్రీయో, యజమాని పేరు పైకి చెప్పిన కూలీయో ఉంటారు. నలుగురు కూర్చుని ఓపికగా చూసే హాళ్లలో తమ మాట వినపడుతుందన్న నమ్మకంతో వారు ఒప్పుకున్నారు. ఆ మాటల్లో ముప్పై సెకన్లు కత్తిరించి వాట్సాప్‌లో తిప్పడానికి వారు ఒప్పుకోలేదు. కాబట్టి దర్శకులను అడిగేటప్పుడు చిత్రంలో ఉన్నవారికి దీనివల్ల ఇబ్బంది ఏమైనా ఉంటుందా అని కూడా అడగండి. కొందరు వద్దంటారు, అప్పుడు ఆ చిత్రాన్ని హాలు తెరిచేదాకా ఆపుకోవడమే మర్యాద.

మన దేశంలో ఈ చిన్న ప్రదర్శనలు నమ్మకం మీదే నడుస్తున్నాయని గుర్తుంచుకోండి. 2004లో ముంబై అంతర్జాతీయ చిత్రోత్సవం భారతీయ డాక్యుమెంటరీలకు సెన్సారు ధ్రువపత్రం ఉండాలని నిబంధన పెట్టి, నిరసన తరువాత దాన్ని ఉపసంహరించుకున్నా, అనేక చిత్రాలను పక్కన పెట్టింది. అప్పుడు దర్శకులే కూడి అదే నగరంలో, అదే సమయంలో ‘వికల్ప్’ పేరుతో సమాంతరంగా ప్రదర్శనలు జరుపుకున్నారు. అప్పటినుంచి కాలేజీ గదుల్లో, యూనియన్ ఆఫీసుల్లో, మీ వంటి మేడమీది హాళ్లలో చిత్రాలు తిరుగుతున్నాయంటే, పంపినవారికి చూపినవారి మీద ఉన్న భరోసాయే కారణం.

ఆచరణలో నేను సూచించేది ఇది. దర్శకుల దగ్గర విమియో అనే వీడియో వెబ్‌సైటులో పాస్‌వర్డ్ ఉన్న లింకు తీసుకోండి, డౌన్‌లోడ్ సదుపాయం తీసేయమనండి, 48 గంటలు తెరిచి ఉంచి మూసేయండి. జూమ్‌లో స్క్రీన్ షేర్ చేసి మాత్రం దయచేసి సినిమా వేయకండి. మీ ఇంటి నెట్ వేగం మీదే అందరి బొమ్మా ఆధారపడుతుంది, కదలికలు తెగిపోతాయి, మేం నెలల తరబడి సరిచేసిన శబ్దం రేకుడబ్బాలోంచి వచ్చినట్టు వినపడుతుంది. ఇంకో మాట: ఇదివరకు దర్శకులకు మీరు బస్సు చార్జీయో, రైలు టికెట్టో ఇచ్చి ఉంటారు. ఇప్పుడు ప్రయాణం లేదు కనుక ఆ డబ్బును పారితోషికంగా పంపండి. చిన్న మొత్తమైనా ఈ ఏడాది మాకు అది చిన్నది కాదు.


న్యూజెర్సీ తెలుగువాడు
2020 సెప్టెంబరు 7

కత్తెరబల్ల గారు హక్కుల గురించి చెప్పినదంతా శిరోధార్యం. 48 గంటల లింకు విషయంలో మాత్రం నేను ఏకీభవించలేకపోతున్నాను. రెండు రోజులు తెరిచి ఉన్న లింకును “రేపు చూద్దాం” అనుకుని చివరకు ఎవరూ చూడరు. చూడకుండానే చర్చకు వచ్చి తలూపుతారు. ఇది నేను కళ్లారా చూసినది.

ఇక్కడ మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో నేను స్వచ్ఛంద సేవకుడిని. అమెరికాలో పీబీఎస్ అనే ప్రజా ప్రసార చానళ్లలో వచ్చే ‘ఇండిపెండెంట్ లెన్స్’ డాక్యుమెంటరీలను ఐటీవీఎస్ అనే సంస్థ ‘ఇండీ లెన్స్ పాప్-అప్’ పేరుతో దేశమంతా గ్రంథాలయాల్లో, స్థానిక టీవీ కేంద్రాల్లో ఉచితంగా చూపించి, ప్రతి ప్రదర్శన తర్వాత ఊరివారితో చర్చ పెట్టిస్తుంది. మహమ్మారి వచ్చాక ఈ ప్రదర్శనలు ఐటీవీఎస్ వారిదే అయిన ‘ఓవీ’ అనే వేదిక మీదకు మారాయి. అందులో సినిమా అందరికీ ఒకే క్షణంలో మొదలవుతుంది. ఆలస్యంగా వచ్చినవారు హాల్లోకి ఆలస్యంగా వచ్చినట్టే మధ్యలో చేరతారు. పక్కనే మాటలు రాసుకునే చోటు ఉంటుంది. మొదట్లో నాకది చిరాకు అనిపించింది. హాల్లో గుసగుసలాడితే వెనక్కి తిరిగి చూసే రకం నేను. కానీ ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా నోరు విప్పని ఇద్దరు ముగ్గురు అక్కడ రాయడం మొదలుపెట్టారు. సినిమా ముగిసేసరికి చర్చ సగం దూరం నడిచి ఉండేది, మీరు చెప్పిన ఆ నిశ్శబ్దానికి చోటు ఉండేది కాదు.

అయితే వారికి ఇది సాధ్యపడింది వేదిక గొప్పతనం వల్ల మాత్రమే కాదు. ప్రసార హక్కులు ముందే వారి చేతిలో ఉన్నాయి, ఖర్చు భరించే సంస్థ వెనక ఉంది. మీకు అవి లేవు కనుక చవకైన ఉపాయం చెబుతాను. విమియో లింకు సాయంత్రం 5.45కు పంపండి, 6 గంటలకు వాట్సాప్ గుంపులో “ఇప్పుడు” అని రాయగానే అందరూ ఎవరింట్లో వారు ప్లే నొక్కాలి. బొమ్మ ఎవరి నెట్ మీద వారికే నడుస్తుంది, జూమ్ బాధ ఉండదు. ఆ గుంపే గుసగుసల చోటు అవుతుంది. సినిమా అవగానే జూమ్‌లోకి రమ్మని, ఆరేసి మందిని చిన్న గదులుగా విడదీసి పది నిమిషాలు మాట్లాడుకోనిచ్చి, ఆ తరువాతే దర్శకుల ముందుకు తీసుకురండి. ముప్పై మంది ఎదుట మొదటి మాట అనడం ఎవరికైనా కష్టమే; ఆరుగురి ఎదుట అంత కష్టం కాదు.


జహీరాబాద్ వైపు నుంచి
2020 సెప్టెంబరు 9

పెద్దలిద్దరూ చెప్పినవి ఉపయోగపడే మాటలే. కానీ ప్రశ్న అడిగినవారి జాబితాలో నలుగురైదుగురు పత్తి రైతులు, జిరాక్స్ షాపు పెద్దాయన ఉన్నారు. వారి గురించి ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు.

తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి బడి పిల్లలకు టీశాట్ విద్యా చానళ్లలో, దూరదర్శన్ యాదగిరిలో, ఫోన్లలో పాఠాలు నడుస్తున్నాయి. చాలా ఇళ్లలో ఉన్నది ఒక్కటే స్మార్ట్‌ఫోను. దాని మీద మొదటి హక్కు పిల్లలది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్యాకేజీలో పాఠాలు పోగా సాయంత్రానికి మిగిలే దానితో గంట సినిమా ఆగకుండా చూడటం సాధ్యమా? ఫోను ఇంటి ఆడవాళ్ల చేతికి వచ్చేది ఇంకా తక్కువ. ఆన్‌లైన్‌కు మారగానే హాజరు పెరిగిందని సంతోషించేవారు, తగ్గినవారు ఎవరో ఒకసారి పేర్లు రాసుకుని చూడాలని నా మనవి.

మా ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా ఉన్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థలో దళిత మహిళలు, వారిలో చాలామంది బడి మెట్లు ఎక్కనివారు, కెమెరా పట్టి ఇరవై ఏళ్లుగా చిత్రాలు తీస్తున్నారు. 2002లో మన దేశంలో బీటీ పత్తికి, అంటే జన్యుమార్పిడి పత్తికి, అనుమతి వచ్చాక వరంగల్ రైతుల అనుభవాన్ని వారి నోటనే చెప్పించిన చిత్రం వీరు తీసినదే. మాచునూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంగం రేడియో కూడా ఈ మహిళలు నడిపేదే. ఏటా సంక్రాంతి వేళ వీరు జరిపే పాత పంటల జాతరలో ఎడ్ల బండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. జనాన్ని ఒకచోటికి పిలవడం కాకుండా, ఉన్నచోటికే వెళ్లడం అక్కడి పద్ధతి.

ఈ నెల 21 నుంచి 100 మంది వరకు సమావేశాలకు కేంద్రం అనుమతి ఇచ్చింది. మీకు అంతమంది అక్కర్లేదు. మీ ప్రొజెక్టరు ఎలాగూ ఖాళీగా ఉంది. ఒక రైతు ఇంటి వాకిట్లో, సున్నం వేసిన గోడ మీద, పదిహేను మందిని దూరదూరంగా కూర్చోబెట్టి, మాస్కులు పెట్టుకుని అదే చిత్రాన్ని పెన్‌డ్రైవ్ నుంచి వేయండి. అక్కడ వచ్చిన మాటలను ఫోనులో రికార్డు చేసి ఆన్‌లైన్ చర్చలో వినిపించండి.


కత్తెరబల్ల
2020 సెప్టెంబరు 9

పెన్‌డ్రైవ్ అన్న మాట చదవగానే ఒక్క క్షణం గుండె ఆగింది. కానీ వాకిలి ఆలోచన నాకు నచ్చింది. నిర్వాహకులే తీసుకెళ్లి, వారే వెనక్కి తెచ్చే పద్ధతిలోనైతే నా చిత్రాలు రెండూ ఇస్తాను. రికార్డు చేసిన మాటలు వినిపించే ముందు వారి అనుమతి కూడా అడగండి. ఆ నియమం మాకొక్కరికే కాదు.


హనుమకొండ నిర్వాహకుడు
2021 మార్చి 14

ఆరు నెలల తర్వాత వస్తున్నందుకు మన్నించాలి. మీరందరూ చెప్పినది కలగలిపి అక్టోబరు నుంచి నేటి వరకు ఆరు ప్రదర్శనలు చేశాం, ఆ లెక్క అప్పజెప్పడం నా బాధ్యత.

ఒకేసారి ప్లే నొక్కే పద్ధతి బాగా పనిచేసింది. చిన్న గదులు ఇంకా బాగా పనిచేశాయి. కత్తెరబల్ల గారు అన్నట్టే ఒక దర్శకురాలు తన చిత్రంలోని కుటుంబం ఇంకా అదే ఊళ్లో, అదే భూస్వామి పక్కన ఉంటోందని చెప్పి ఆన్‌లైన్‌కు ఇవ్వలేదు. ఆ చిత్రం హాలు కోసం ఎదురు చూస్తోంది. మరొకరు, ఇంతవరకు హనుమకొండ రావడం ఎప్పుడూ కుదరని వారు, తమ వంటింట్లో కూర్చుని మాతో గంటన్నర మాట్లాడారు. ఇక్కడ చదువుకుని డల్లాస్ వెళ్లిన పాత విద్యార్థి ఒకరు ప్రతిసారీ అక్కడి తెల్లవారుజామున లేచి చేరుతున్నారు.

జహీరాబాద్ వైపు వారు చెప్పినట్టు పేర్లు కూడా రాశాను. సగటున 40 మంది వస్తున్నారు, అంటే సంఖ్య తగ్గలేదు. కానీ అందులో హాలుకు వచ్చే పాతవారు 14 మందే. పత్తి రైతుల్లో ఒక్కరూ ఆన్‌లైన్‌లోకి రాలేదు. అందుకే జనవరిలో, పత్తి ఏరడం ఒక కొలిక్కి వచ్చాక, ఒక వాకిట్లో బీటీ పత్తి చిత్రం వేశాం. పన్నెండు మందిని పిలిస్తే ఇరవై మంది వచ్చారు. సినిమా ఆపమని మధ్యలోనే ఒకాయన లేచి, అప్పట్లో 450 గ్రాముల బీటీ విత్తనాల ప్యాకెట్టు 1,600 రూపాయలు పైబడి పెట్టి ఎలా కొన్నదీ, ఇప్పుడు 730కి వస్తున్నా పురుగు మందు ఖర్చు ఎక్కడ తేలిందీ చెప్పడం మొదలుపెట్టారు. మిగతా సినిమా వేయడానికి మరో ముప్పావుగంట పట్టింది. ఆయన అనుమతితో ఆ మాటలను తరువాతి ఆన్‌లైన్ చర్చలో వినిపిస్తే, పదిహేనేళ్ల కిందటి చిత్రం పాతబడిందని అంతకుముందు అన్న విద్యార్థులు మౌనంగా విన్నారు. ఈసారి ఆ నిశ్శబ్దం నన్ను ఇబ్బంది పెట్టలేదు.

సినిమా హాళ్లకు ఫిబ్రవరి 1 నుంచి పూర్తి సామర్థ్యంతో కేంద్రం అనుమతి ఇచ్చిన తరువాత మా గ్రంథాలయం వారు కూడా మెత్తబడ్డారు. ఏప్రిల్ 11న 25 కుర్చీలతో హాలు తెరవమన్నారు. జిరాక్స్ షాపు పెద్దాయన అప్పుడే ప్రొజెక్టరు తుడిపించారు. డల్లాస్ విద్యార్థినీ, దూరపు ఊళ్ల నుంచి అలవాటైన వారినీ వదులుకోవడం మాకు ఇష్టం లేదు కనుక, సినిమా ఎవరి లింకులో వారు చూసి, చర్చకు మాత్రం హాలును జూమ్‌తో కలపాలనుకుంటున్నాం. నిన్న పరీక్షించి చూస్తే హాల్లో మాట్లాడేవారి గొంతు బయటివారికి బావిలోంచి వచ్చినట్టు వినపడింది, ఫ్యాను చప్పుడు మాత్రం స్పష్టంగా చేరింది. 25 మంది కూర్చునే గదిలో చేతులు మార్చుకునే మైకు ఈ రోజుల్లో మంచిది కాదు. కుర్చీల మధ్య పెట్టగలిగే మైకుతో ఎవరైనా ఇటువంటి కలగలుపు చర్చ నడిపి ఉంటే, ఏది కొన్నారో, ఎంత దూరం వరకు పనికొచ్చిందో తెలియజేయగలరు.